పరాయి దేశపు పల్లెకు మంచినీటి సేవకై వెళ్లదలచిన పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

చదువు ముగిశాక కొంతకాలం మరో దేశంలోని పల్లెకు వెళ్లి, అక్కడివారికి మంచినీరు అందించే పనిలో పాలుపంచుకోవాలని మీలో కొందరు అనుకుంటున్నారని తెలిసి సంతోషించాను. అవసరానికి ఇంటివద్దే అందే సురక్షితమైన తాగునీరు 2022 నాటికి సుమారు 220 కోట్ల మందికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి లెక్కకట్టాయి. కాబట్టి పనికి కొదవ లేదు. అయితే అందులో ఏ భాగం కష్టమో బయలుదేరే ముందే తెలిసి ఉండాలి.

డబ్బు, యంత్రం, తెలిసిన మనుషులు ఉంటే బోరు వేయడం కొద్ది రోజుల పని. అది కొన్నేళ్ల తరవాత కూడా నీళ్లిస్తూ ఉండడమే కష్టం. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల్లోని చేతిపంపుల్లో మూడింట ఒక వంతుకు పైగా పనిచేయడం లేదని 2009లో ఒక అంచనా వెలువడింది. వాటిలో చాలావాటిని మూలన పడేసినవి చిన్న కారణాలే. వాషరు అరిగిపోతుంది, కొత్తది దొరికే దుకాణం ఎక్కడో దూరాన ఉంటుంది, దాని ఖరీదు ఎవరు పెట్టుకోవాలో ఊళ్లో తేలదు, ఈలోగా ఆడవాళ్లు మళ్లీ పాత వాగు దారి పడతారు. నీటిలో ఆమ్లగుణం ఎక్కువగా ఉన్నచోట ఇనుప గొట్టాలు తుప్పుపట్టి నీళ్లు ఎర్రబారితే, పంపు బాగానే ఉన్నా ఎవరూ దాని దగ్గరికి రారు. ఈ చిక్కును గుర్తించిన ఇంజనీర్లు 1980లలో తూర్పు ఆఫ్రికాలో ఆఫ్రిదేవ్ అనే పంపును రూపొందించారు. గొట్టమంతా ఊడదీయకుండానే, ఒకటి రెండు పనిముట్లతో, ఊరివాళ్లే దాని లోపలి భాగాలను పైకి లాగి మార్చుకోవచ్చు. చూడడానికి అందులో వింతేమీ లేదు. నా దృష్టిలో దాని గొప్ప అదే.

వింతగా ఉన్నదానికి డబ్బు తొందరగా వస్తుంది. పిల్లలు ఎక్కి తిరుగుతుంటే నీళ్లు తోడే రంగులరాట్నం పంపులను ఆఫ్రికా పల్లెలలో విరివిగా పెట్టడానికి 2006లో అమెరికా ప్రభుత్వం, కొన్ని దాతృత్వ సంస్థలు కలిసి 1.64 కోట్ల డాలర్లు ప్రకటించాయి. ఊరికంతా సరిపడే నీళ్లు రావాలంటే అది గంటల తరబడి తిరుగుతూనే ఉండాలి, పిల్లలు అంతసేపు ఆడరు. చివరికి దానిని తిప్పే పని కూడా ఆడవాళ్ల మీదే పడింది. నీళ్లు మోసేవారిని ముందుగా అడిగి ఉంటే ఈ సంగతి ఎవరైనా చెప్పేవారు.

ఇంతకంటే జాగ్రత్తగా చదవవలసినది బంగ్లాదేశ్ అనుభవం. చెరువులు, కుంటల నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని 1970ల నుంచి అక్కడ లక్షలాది గొట్టపు బావులు దించారు. భూమి లోపలి నీటిలో రోగక్రిములు తక్కువ కాబట్టి ఆ ఆలోచనను తప్పుపట్టలేము. కానీ ఆ నేల పొరల్లో సహజంగానే ఉన్న ఆర్సెనిక్ అనే విషపదార్థం నీటిలో కరుగుతున్నదని 1993లో గాని బయటపడలేదు. దానికి రంగు, రుచి, వాసన లేవు; కాచితే పోకపోగా, నీరు ఆవిరయ్యేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది; ఏళ్ల తరబడి తాగితే చర్మం చెడి, క్యాన్సర్లకు దారితీస్తుంది. లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. తరవాత లక్షల బావుల నీటిని పరీక్షించి, ప్రమాదకరమైన వాటికి ఎరుపు, మిగిలినవాటికి ఆకుపచ్చ రంగు వేశారు. బోరు పడిన ఆనందంలో నీటి పరీక్షను వాయిదా వేయమని ఎవరైనా అంటే మీరు ఒప్పుకోకండి. బోరు దగ్గర శుభ్రంగా ఉన్న నీరు ఇంటికి చేరేసరికి చేయి ముంచిన బిందెలో కలుషితమవుతుంది గనుక, ఆ బిందెలోని నీటిని కూడా పరీక్షించాలి.

అటువంటి పల్లెలకు మీ కండబలం అవసరం లేదు. కందకం తవ్వగలవారు ఆ ఊళ్లోనే ఉంటారు, వారికి ఆ కూలి అవసరం కూడా. నీటి పరీక్షలు, సర్వే, పంపు మరమ్మతు, లెక్కలు రాయడం వంటి ఏదో ఒక విద్య మీ చేతిలో ఉండాలి. అక్కడి భాష వచ్చి ఉండాలి, మీ తరవాత ఆ పని చేయగలిగేలా ఇద్దరు ముగ్గురికి నేర్పేదాకా నిలవాలి. రెండు వారాల ప్రయాణాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఊరివారే పూనుకుంటే ఏమవుతుందో చూడండి: తాగే చెరువు నీటి ద్వారా ఒంట్లో చేరిన పురుగు చర్మం చీల్చుకుని బయటికి వచ్చే జబ్బు నారికురుపు. 1986లో ఏటా సుమారు 35 లక్షల మందికి సోకిన ఆ జబ్బు, మందూ టీకా లేకపోయినా, 2023 నాటికి 14 మందికి తగ్గింది. బయటివారు శిక్షణ, వడగట్టే గుడ్డలు, డబ్బు సమకూర్చారు. ఇంటింటికీ తిరిగి నీళ్లు వడగట్టి తాగేలా చూసి, పురుగు బయటపడుతున్నవారు చెరువులో దిగకుండా ఆపినవారు ఆయా ఊళ్ల స్వచ్ఛంద కార్యకర్తలే.

మిమ్మల్ని పంపుతామనే సంస్థకు దరఖాస్తు పెట్టే ముందు ఒక ఉత్తరం రాయండి. ఐదేళ్ల కిందట మీరు పనిచేసిన ఊళ్లు ఏవి, అక్కడి పంపులు ఇప్పుడు ఎలా ఉన్నాయి, చెడితే ఎవరు బాగుచేస్తున్నారు, ఆ ఖర్చు ఎక్కడి నుంచి వస్తున్నది అని అడగండి. జవాబుగా ఊళ్ల పేర్లు, లెక్కలు వస్తే వెళ్లండి. నవ్వుతున్న పిల్లల ఫోటోలు మాత్రమే వస్తే మరో సంస్థను వెతుక్కోండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య