నేలకు జానెడెత్తున ఒక బండి

అనంతపురంలో మూడు చక్రాల బండి అంటే ఆటోనే. ముందు ఒక చక్రం, వెనక రెండు. సప్తగిరి సర్కిల్ దగ్గర నిండా మనుషులతో మలుపు తిరిగే షేర్ ఆటోని గమనించండి. లోపల కూర్చున్నవాళ్లు ఎవరూ చెప్పకుండానే మలుపు వైపుకు ఒరుగుతారు. బండి ఎటు పడాలని చూస్తోందో ఒంటికి తెలుసు. ఇప్పుడు ఆ చక్రాలను తారుమారు చేసి ముందు రెండు, వెనక ఒకటి పెట్టండి. ఇంజన్ తీసేయండి. సీటును నేలకు జానెడెత్తుకు దించి, మనిషిని వెనక్కి వాల్చి, కాళ్లు ముందుకు చాపించి పెడల్ తొక్కించండి. అదే రికంబెంట్ ట్రైక్. 44వ నంబరు జాతీయ రహదారి మన ఊరి పక్కనుంచే పోతుంది కాబట్టి దూరాలు తిరిగే సైకిల్‌వాళ్లు ఎప్పుడైనా కనబడుతుంటారు. అందులో ఒకరు ఇలాంటి బండి మీద వచ్చి టీ కొట్టు ముందు ఆపితే చాలు, జనం మూగుతారు. "పండుకోని తొక్కేది, ఇదేం బండి సామీ?" అనేది మొదటి మాట అయితే, "భలే ఉందే" అనేది రెండోది.

ఆ రెండో మాట గురించే నాకు ఆసక్తి. ఈ బండికి నగిషీ ఏమీ ఉండదు. కారులో రేకు కింద దాచేవన్నీ, అంటే స్టీరింగ్ కడ్డీలు, ఇరుసులు, గొలుసు, వెల్డింగ్ అతుకులు, ఇక్కడ బయటే ఉంటాయి. అయినా కన్ను తిప్పుకోబుద్ధి కాదు. నా లెక్కలో దానికి కారణం, బండిలో ఏ గీత ఎందుకు అలా వంగిందో కంటికి సగం అర్థమవడమే. మిగతా సగం కొంచెం లెక్క వేస్తే అర్థమవుతుంది.

మలుపుతో మొదలుపెడదాం. ముందు చక్రాల మధ్య దూరం 80 సెంటీమీటర్లు, మనిషితో కలిపి బండి గురుత్వ కేంద్రం నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తులో, బరువులో మూడింట రెండు వంతులు ముందు చక్రాల మీద ఉన్నాయనుకుందాం. బండి పక్కకు దొర్లాలంటే, బయటి వైపు ముందు చక్రాన్నీ వెనక చక్రాన్నీ కలిపే గీత మీదుగా దొర్లాలి. గురుత్వ కేంద్రం నుంచి ఆ గీతకు పక్కదూరం 40లో మూడింట రెండు వంతులు, అంటే దాదాపు 27 సెంటీమీటర్లు. దాన్ని ఎత్తుతో భాగిస్తే 0.6. మలుపులో పక్కకు తోసే బలం బరువులో 0.6 వంతుకు చేరేదాకా లోపలి చక్రం నేలను వదలదు. 10 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో ఇది గంటకు 27 కిలోమీటర్ల వేగం. అదే వెడల్పు బండి మీద మనిషి మామూలు సైకిల్ మీద లాగా నిటారుగా కూర్చుని, గురుత్వ కేంద్రం 90 సెంటీమీటర్లకు పోయిందనుకోండి, 19 దాటాక చక్రం లేస్తుంది.

ఇక బ్రేకు. మలుపులో బ్రేకు వేస్తే బరువు ముందుకూ బయటికీ కలిపి తోసుకుంటుంది. ఆటోలో ఆ మూలన చక్రమే లేదు. ఉన్న ఒక్కటీ మధ్యలో ఉంది. ట్రైక్‌లో సరిగ్గా ఆ మూలనే చక్రం ఉంది. ముందు రెండు చక్రాలుండే ఈ అమరికను ట్యాడ్‌పోల్ అనీ, వెనక రెండుండే దాన్ని డెల్టా అనీ పిలుస్తారు. డెల్టాలను తక్కువ చేయడం లేదు. వాటిలో సీటు కాస్త ఎత్తుగా ఉండి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సులువుగా ఎక్కి దిగగలరు, ఇరుకు సందులో చప్పున తిప్పుకోగలరు. చూడ్డానికి మాత్రం ట్యాడ్‌పోల్‌దే పైచేయి. ముందు వెడల్పుగా మొదలై వెనక్కి సన్నబడే ఆకారం, ఆగి ఉన్నప్పుడు కూడా ముందుకు పోతున్నట్టే ఉంటుంది.

లేపాక్షి నంది 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు ఉన్న ఒకే రాయి. అంత బరువును పక్కన నిలబడి చూస్తున్నా మీద పడుతుందేమోనన్న భయం ఎవరికీ కలగదు; కాళ్లు మడిచి, నేలను పరుచుకుని, మెడ మాత్రం ఎత్తి ఉంటుంది. ట్రైక్ ముందు నిలబడినప్పుడు కలిగే నెమ్మది కూడా అలాంటిదే. ఎత్తు కంటే వెడల్పు ఎక్కువున్న వస్తువును కన్ను నమ్ముతుంది. ఈ విషయంలో కంటి నమ్మకమూ పైన వేసిన లెక్కా ఒకటే.

పైనుంచి చూస్తే ఫ్రేమ్ ఒక శిలువ. పెడళ్ల నుంచి వెనక చక్రం దాకా ఒక పొడుగు గొట్టం, ముందు చక్రాలను కలుపుతూ ఒక అడ్డ గొట్టం. మామూలు సైకిల్‌లో పెడల్‌ని ఎంత గట్టిగా తొక్కాలన్నా మన బరువే హద్దు; అది దాటాలంటే హ్యాండిల్ పట్టి లాగాలి. ఇక్కడ వీపుకు సీటు ఆనుకుని ఉంటుంది కాబట్టి బరువు కంటే ఎక్కువ బలంతో తన్నవచ్చు. ఆ తన్ను మొత్తం పొడుగు గొట్టాన్ని వంచాలని, మెలిపెట్టాలని చూస్తుంది. (మోకాళ్లనూ అంతే. కొత్తగా తొక్కేవాళ్లు పెద్ద గేరులో బలం చూపించి వారం తిరక్కుండానే మోకాలు పట్టుకుంటారు.)

గొట్టం లావు చూసి అది ఏ లోహమో చెప్పవచ్చు. అల్యూమినియం సాంద్రత ఉక్కులో దాదాపు మూడో వంతు, గట్టిదనమూ మూడో వంతే. మరి లాభం ఎక్కడ? పలుచని గొట్టం బరువు, వ్యాసాన్ని మందంతో గుణించినంత. వంగకుండా నిలిచే శక్తి మాత్రం వ్యాసం ఘనాన్ని మందంతో గుణించినంత. అంటే వ్యాసాన్ని రెట్టింపు చేసి మందాన్ని సగం చేస్తే బరువు మారదు, గట్టిదనం నాలుగింతలవుతుంది. ఉక్కును అంత పలుచన చేస్తే చిన్న దెబ్బకే సొట్ట పడుతుంది. అల్యూమినియం తేలిక కాబట్టి కాస్త మందంగా ఉంచుకునే వెసులుబాటు ఉంది. అందుకే అల్యూమినియం బండ్లు లావు గొట్టాలతో బలిష్ఠంగా, ఉక్కు బండ్లు సన్నని గొట్టాలతో నాజూకుగా కనబడతాయి. నాకు ఉక్కుదే ఇష్టం. ఇందులో మన ఊరి అవసరం కూడా ఉంది. అల్యూమినియం మీద ఉండే ఆక్సైడ్ పొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి, కింది లోహమేమో 660 డిగ్రీలకే కరిగిపోతుంది. ఆర్గాన్ వాయువుతో చేసే టిగ్ వెల్డింగ్ తెలిసినవాడు కావాలి. గేట్లు, ట్రాక్టర్ ట్రాలీలు అతికే కొట్టులో పగిలిన ఉక్కు ఫ్రేమ్‌ని సాయంత్రానికి నిలబెడతారు.

ముందు చక్రాలు చిన్నవి, సాధారణంగా 20 అంగుళాలవి. ముద్దుగా ఉంటాయని పెట్టినవి కావు. సైకిల్ మలుపులో ఒరుగుతుంది కాబట్టి బలం చక్రం తలం వెంబడే పోతుంది. ట్రైక్ ఒరగదు, పక్కకు తోసే బలమంతా రిమ్మునూ చువ్వలనూ అడ్డంగా వంచుతుంది. చక్రం చిన్నదైతే చువ్వలు పొట్టివై, ఆ అడ్డబలానికి తట్టుకుంటాయి. పైగా ఇరుసుకు ఒకవైపే ఆధారం, పాత స్కూటర్ చక్రంలా. చక్రం బయటి ముఖాన్ని ఏ ఫోర్కూ కప్పదు. చువ్వల అల్లిక మొత్తం కనబడుతుంది. ఈ బండి అందంలో సగం వాటా ఆ రెండు చక్రాలదే.

అవి రెండూ ఒకే కోణంలో తిరగకూడదు. మలుపులో లోపలి చక్రం చిన్న వలయం మీద, బయటిది పెద్ద వలయం మీద పోవాలి. వెనక ఇరుసుకూ ముందు చక్రాలకూ మధ్య ఒక మీటరు ఉన్న బండి 3 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే లోపలి చక్రం 21 డిగ్రీలు, బయటిది 16 డిగ్రీలు మళ్లాలి. గుర్రపు బగ్గీల కాలంలోనే దీనికి పరిష్కారం దొరికింది. మ్యూనిక్‌లో బగ్గీలు చేసే లాంకెన్‌స్పెర్గర్ కనిపెట్టిన ఏర్పాటుకు 1818లో ఇంగ్లండ్‌లో ఆకెర్మాన్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. పేరు ఆయనదే నిలిచింది. చక్రాలను తిప్పే పొట్టి చేతులు రెండింటినీ కొంచెం లోపలికి వంచి, వాటి వెంబడి దారం లాగితే రెండు దారాలూ వెనక చక్రం ఇరుసు దగ్గర కలిసేలా అమర్చాలి. ఇంకో సంగతి: ముందు చక్రాలకు విడివిడి బ్రేకులుంటాయి. ఒక్కటే పట్టినా బండి పక్కకు లాగకూడదంటే, మలుపులో చక్రం ఏ అక్షం మీద పక్కకు మళ్లుతుందో దాన్ని వాల్చి, దాని కొన సరిగ్గా టైరు నేలను తాకే చోట దిగేలా చేయాలి. ముందు నుంచి చూస్తే చక్రాల పక్కన కనిపించే ఆ వాలు అందుకే.

ఇలాంటి బండ్లకు మంచి రూపం తెచ్చినవారిలో ఇంగ్లండ్‌కు చెందిన మైక్ బరోస్ ముఖ్యుడు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో క్రిస్ బోర్డ్‌మన్ స్వర్ణం గెలిచిన లోటస్ సైకిల్ వెనక ఉన్న ఆలోచన ఈయనదే. ఆయన చేసిన విండ్‌చీటా ట్రైక్‌కు హ్యాండిల్ ఉండదు, కాళ్ల మధ్య విమానంలో లాగా ఒక్క కడ్డీ. దానికి గాలి తొడుగు వేసి 1996లో ఆండీ విల్కిన్సన్ బ్రిటన్‌ను ఒక కొస నుంచి ఇంకో కొసకు 41 గంటల చిల్లరలో దాటేశాడు. అంతకు చాలా ముందే ఫ్రాన్స్‌లో చార్లెస్ మోషే కొడుకు కోసం పెడల్ కారు చేసి, అక్కడి నుంచి వాలి తొక్కే రెండు చక్రాల సైకిల్‌కు వచ్చాడు. దాని మీద 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ ఒక్క గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కి, దాదాపు ఇరవయ్యేళ్లుగా నిలిచిన రికార్డు కొట్టాడు. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య అలాంటి బండ్లను పోటీల నుంచి తప్పించింది. "సైకిలంటే ఇలాగే ఉంటుంది" అన్న మన కంటి అలవాటులో ఆ తీర్మానానికీ కొంత వాటా ఉంది.

రికార్డు వెనక ఉన్నది గాలి. మనకు ఆషాఢం గాలి తెలుసు. రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే ఆ పడమటి గాలికి ఎదురుగా గంటకు 15 కిలోమీటర్ల వేగంతో సైకిల్ తొక్కుతున్నారనుకోండి. గాలి వేగం 20 అయితే, మనిషికి తగిలేది 35. నిటారుగా కూర్చున్నవాడి గాలి అడ్డు 0.6 చదరపు మీటర్లకు సమానమని తీసుకుంటే, ఒక్క గాలిని నెట్టడానికే సుమారు 130 వాట్లు కావాలి. వాలి కూర్చుని ఆ అడ్డును 0.4కు తగ్గిస్తే 87 వాట్లు. మామూలు మనిషి గంటల తరబడి ఇవ్వగలిగింది 100 వాట్లకు అటూ ఇటూ. అంటే ఒకడు దిగి నడిపించుకుంటాడు, ఇంకొకడు ఊరు చేరతాడు. రెండు చక్రాల రికంబెంట్లతో పోలిస్తే ట్రైక్ కాస్త వెనకబడుతుంది. అడ్డ గొట్టం, మూడో చక్రం కూడా గాలిని చీల్చాలి కదా. ఎక్కుడులో బరువు తెలుస్తుంది. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతూ లేచి నిలబడి తొక్కుదామంటే కుదరదు. కానీ నడక కంటే నెమ్మదిగా పోయినా బండి పడదు. చిన్న గేరు ఉంటే చాలు, ఓపికగా ఎక్కేయొచ్చు.

కూర్చున్నవాడికి వేగం కూడా వేరుగా తెలుస్తుంది. కింద నేల కళ్ల ముందు ఎంత జోరుగా వెనక్కి పోతోందన్నది వేగాన్ని కంటి ఎత్తుతో భాగించినంత. సైకిల్ మీద కన్ను నేలకు దాదాపు 160 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, ట్రైక్‌లో అందులో సగం. కాబట్టి 20లో పోతున్నా నేల 40లో పరిగెడుతున్నట్టుంటుంది.

ఈ కిందికి దించే మోజులోనే కొందరు తయారీదారులు దారి తప్పారని నా అభిప్రాయం. ఇంకా కిందికి, ఇంకా కిందికి అని రేసు బండ్లను నేలకు అతికించేశారు. ఫొటోలో అద్భుతం. మన దగ్గర, ప్రమాణాల ప్రకారం కట్టిన స్పీడ్‌బ్రేకరే 10 సెంటీమీటర్ల ఎత్తు. ఊళ్లలో జనం సొంతంగా పోసుకున్నవాటికి ఏ కొలతా లేదు. సైకిల్ గుంతను తప్పించుకుపోతుంది, ట్రైక్‌కు మూడు దారులు. ఒకటి తప్పించినా ఇంకోటి పడుతుంది. సర్కారు తుమ్మ ముళ్లకూ అంతే, పంక్చర్ అవకాశాలు మూడు. ఎండాకాలం మధ్యాహ్నం సంగతి చెప్పనే అక్కర్లేదు: ముఖమూ ఛాతీ సూర్యుడికి ఎదురుగా, వీపు కాగుతున్న తారుకు దగ్గరగా.

కిందికి ఉంటే లారీవాడికి కనబడదన్న భయం అందరూ అడిగేదే. అందుకే వెనక పొడుగు కర్రకు జెండా కడతారు. రంగు ఏది? మన దగ్గర అలవాటు ఎరుపు. లారీ వెనక బయటికి పొడుచుకొచ్చిన ఇనుప కడ్డీలకు కట్టేది ఎర్ర గుడ్డే. పొద్దుగూకే వేళకు అంత పనికిరాని రంగు మరొకటి లేదు. పగటి వెలుతురులో మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, పసుపు కలిసిన ఆకుపచ్చకు, ఎక్కువగా స్పందిస్తుంది. వెలుతురు తగ్గేకొద్దీ ఆ మొగ్గు నీలం వైపు జరిగి, చీకట్లో 507 దగ్గరకు చేరుతుంది. ఎరుపు అన్నిటికంటే ముందు నల్లబడిపోతుంది. మెరిసే ఫ్లోరోసెంట్ గుడ్డ అయితే కంటికి కనబడని అతినీల కిరణాలను కూడా కనబడే వెలుగుగా మార్చి ఇస్తుంది కాబట్టి మబ్బు పట్టిన రోజు కూడా వెలిగిపోతుంది. ఎండిన ఎర్ర నేల వెనక ఉన్నప్పుడు పసుపు-ఆకుపచ్చ జెండా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆగస్టులో వేరుశనగ చేలు పచ్చగా కమ్ముకున్నాక అదే జెండా చేలో కలిసిపోతుంది. అప్పుడు నారింజ కావాలి. రెండు రంగులూ కలిపి ఒక్క గుడ్డే కుట్టించుకుంటే ఏడాది పొడుగునా సరిపోతుంది. అది గాలికి ఆడాలి కూడా, ఎందుకంటే కంటి చివర్లకు రంగు కంటే కదలిక ముందు తెలుస్తుంది. కర్ర మాత్రం వంగి మళ్లీ లేచే ఫైబర్‌గ్లాస్‌దే పెట్టాలి. ఇనుప చువ్వ పెడితే పక్కన ఆగిన బైకువాడి కంట్లో గుచ్చుకుంటుంది.