బస్సు రూట్ల కేసు నుంచి ‘ఆ రెండు పత్రికల’ దాకా

కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర నేను పొద్దున్నే టీ తాగే అంగట్లో రెండు పేపర్లు వేయించుకుంటారు. ఒక్కటే వేయించుకుంటే సగం గిరాకీ పోతుందట. ఒకే కేసు, ఒకదాంట్లో మొదటి పేజీ బ్యానరు, ఇంకోదాంట్లో లోపలెక్కడో నాలుగు లైన్లు, అదీ ‘కక్ష సాధింపు’ అనే హెడ్డింగుతో. మొన్న ఒక పెద్దాయన రెండూ తిరగేసి, "ఇద్దరూ రాసినారు గానీ ఏం జరిగిందో ఎవరూ రాయలేదప్పా" అని పక్కన పడేసినాడు.

ఈ కర్నూలు జిల్లా బస్సు రూట్ల కేసులోనే 1964లో ఒక ముఖ్యమంత్రి కుర్చీ దిగారంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ప్రైవేటు బస్సు రూట్లను ఆర్టీసీకి తీసుకుంటూ ప్రభుత్వం స్కీములు తెచ్చింది. మేం రాజకీయంగా గిట్టని వాళ్లం కాబట్టే ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి మా రూట్ల మీద పడ్డారని ఇక్కడి బస్సు యజమానులు కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు ఆయన్ని దొంగ అనలేదు, జైలుకు పంపలేదు. ఇంత ఆరోపణ చేస్తే అఫిడవిట్ వేసి కాదనలేదు కదా అని తప్పుపట్టి స్కీములు కొట్టేసింది. ఆ మాటలకే ఆయన రాజీనామా చేశారు. (పోయిందేమీ లేదు లెండి, ఈ అనంతపురం జిల్లా మనిషే 1977లో రాష్ట్రపతి అయ్యారు.)

తర్వాత పేపర్లు పెరిగాయి. 1974లో ఈనాడు వచ్చింది, 1989లో జిల్లా పేజీలు మొదలుపెట్టింది, మిగతావీ అదే బాట పట్టాయి. మండలానికో విలేకరి వచ్చాడు, రేషన్ బియ్యం, దొంగ బిల్లులు వార్తలయ్యాయి. కానీ ఆ విలేకరికి జీతం అంతంతమాత్రం. జనవరి 1కీ ఆగస్టు 15కీ శుభాకాంక్షల యాడ్స్ తేవాలి, ఆ యాడ్ ఇచ్చేది సర్పంచో కాంట్రాక్టరో. వాళ్ల మీద స్కాము రాయాల్సిందీ ఆయనే. ఇంతకంటే టెన్షన్ ఉద్యోగం ఉంటుందా?

అసలు మలుపు 2006 నుంచి. ఈనాడు అధిపతి రామోజీరావు ఫైనాన్స్ సంస్థ మార్గదర్శి డిపాజిట్ల గొడవ, ఈనాడుకూ ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డికీ పోరు. ‘ఆ రెండు పత్రికలు’ అని రాజశేఖరరెడ్డి పేరు చెప్పకుండా అంటే, అవి ఈనాడు, ఆంధ్రజ్యోతి అని ఊళ్లో చిన్న పిల్లాడికి కూడా అర్థమయ్యేది. 2008 మార్చిలో ఆయన కొడుకు జగన్ పెట్టిన సాక్షి వచ్చింది. అప్పటి నుంచి పేపరు కొనడం అంటే ఏదో ఒక పక్క నిలబడటమే అయింది, నా లెక్కలో మన జర్నలిజానికి తగిలిన పెద్ద దెబ్బ ఇదే.

ఈలోపు అనంతపురం జిల్లా డి.హీరేహాళ్ మండలంలో ఓబుళాపురం గనులు. ఇనుప ఖనిజం అక్రమంగా తవ్వారని, రాష్ట్ర సరిహద్దు రాళ్లు కూడా లేకుండా చేశారని ఆరోపణ. లారీలు అన్ని తిరిగే చోట పల్లె వాళ్లకు తెలియకుండా ఉంటుందా? 2011 సెప్టెంబరు 5న ఆ గనుల కంపెనీకి చెందిన, కర్ణాటక మాజీ మంత్రి గాలి జనార్దనరెడ్డిని సీబీఐ అరెస్టు చేసింది. బెయిల్ కోసం జడ్జికే లంచం ఇచ్చారని 2012లో ఇంకో కేసు. 2012 మేలో జగన్ ఆస్తుల కేసులో అరెస్టయ్యాక ‘క్విడ్ ప్రో కో’ (నువ్వు నాకిది చేస్తే నేను నీకది చేస్తా) అనే లాటిన్ మాట మా వైపు బస్టాండుల్లో కూడా తెలుగైపోయింది.

మరి జనం నమ్మకం పోయిందా? ఆ జూన్‌లో జగన్ జైల్లో ఉండగానే ఆయన పార్టీ వైసీపీ 18 అసెంబ్లీ ఉప ఎన్నికల్లో 15 గెలిచింది, 2019లో 151 సీట్లు. 2023 సెప్టెంబరు 9న తెల్లవారుజామున టీడీపీ అధినేత చంద్రబాబును అరెస్టు చేసింది మన నంద్యాలలోనే. తర్వాతి ఏడాది ఆయన కూటమికి 164 సీట్లు. 1964లో కోర్టు నాలుగు మాటలంటే పదవి పోయింది, ఇప్పుడు అరెస్టు చేస్తే సానుభూతి వస్తోంది. కేసు నిజమా కాదా అని కాదు, ఎవరు పెట్టించారు అని అడుగుతున్నారు, అలా అడగడం రెండు పక్కల పేపర్లూ కలిసి నేర్పినదే.

ఓబుళాపురం కేసులో గాలికి 2025 మే 6న ఏడేళ్ల శిక్ష పడింది, జూన్‌లో హైకోర్టు దాన్ని నిలిపివేసింది. అదే గాలి వాళ్ల బ్రహ్మణి స్టీల్స్ కోసం 2007లో జమ్మలమడుగు దగ్గర పునాది రాయి వేశారు. ఫ్యాక్టరీ రాలేదు. ఆ చుట్టుపక్కలే కడప స్టీల్ పేరుతో 2018లో కంబాలదిన్నె దగ్గర చంద్రబాబు ఒక రాయి, 2019లో సున్నపురాళ్లపల్లె దగ్గర జగన్ ఇంకోటి, 2023లో అక్కడే మళ్లీ ఒకటి. ఏ రాయి ఫొటో ఏ పేపర్లో పెద్దదిగా వేస్తారో టీ అంగట్లో ఎవరినడిగినా చెబుతారు.