కుండీ అడుగున ఆగిపోయే నీరు

ఒక పాఠకురాలు పంపిన ప్రశ్న ఈ వ్యాసానికి కారణం. ఆమె టమాటా, మిరప, పుదీనా మొక్కలను కుండీలలో పెంచుతున్నారు. నీరు నిలవకూడదన్న జాగ్రత్తతో ప్రతి కుండీ అడుగున నాలుగు వేళ్ళ మందాన గులకరాళ్ళు పరిచి, వాటి మీద మట్టి నింపారు. కుండీలకు చిల్లులు ఉన్నాయి, పోసిన నీరు కిందికి కారడమూ కనిపిస్తోంది. అయినా టమాటా ఆకులు వాలిపోయాయి. మొక్కను పెకలించి చూస్తే అడుగు వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, వేలితో లాగగానే పైపొర ఊడివచ్చి లోపలి దారం మాత్రం మిగిలేంతగా మెత్తబడి ఉన్నాయి. రాళ్ళు వేసినా వేళ్ళు ఎందుకు కుళ్ళాయన్నది ఆమె ప్రశ్న.

రాళ్ళ పొర వల్లనే ఆ కీడు పెరిగిందన్నది నా జవాబు. ఇది వినగానే నమ్మబుద్ధి కాదు. పెద్ద పెద్ద సందులున్న రాళ్ళలోకి నీరు సులువుగా జారిపోవాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. తరతరాలుగా తోటపని తెలిసినవారు చెబుతున్నదీ అదే. మట్టిలో నీటి నడకను శాసించేది గురుత్వాకర్షణ ఒక్కటే అయితే ఆ ఊహ నిజమయ్యేది. ఎండ ఎంత కావాలి, విత్తనం ఎంత లోతున పడాలి, ఎరువు ఎప్పుడు వేయాలి అన్న సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటిని పక్కన పెట్టి, కుండీ అడుగున ఉండే ఆ కొద్ది సెంటీమీటర్ల తడి గురించే ఇక్కడ రాస్తాను. కుండీలలో పెంచే కూరగాయలు, ఆకుకూరలు చాలావరకు బతికేదీ, చచ్చేదీ ఆ తడిని బట్టే.

సన్నని గాజు గొట్టాన్ని నీటిలో నిలబెడితే నీరు అందులో పైకి పాకుతుందని బడిలో అందరం చదువుకున్నాం. నీటి అణువులకు గాజు మీద ఉన్న ఆకర్షణ, ఆ అణువులకు తమలో తమకు ఉన్న ఆకర్షణ కలిసి నీటిని పైకి లాగి నిలబెడతాయి. గొట్టం ఎంత సన్నగా ఉంటే నీరు అంత ఎత్తుకు చేరుతుందని జేమ్స్ జూరిన్ 1718లో ప్రచురించాడు. గొట్టం వ్యాసార్ధం 1 మిల్లీమీటరు అయితే నీరు సుమారు 1.5 సెంటీమీటర్లు లేస్తుంది, 0.1 మిల్లీమీటరు అయితే 15 సెంటీమీటర్లు, 0.01 మిల్లీమీటరు అయితే ఒకటిన్నర మీటర్లు లేస్తుంది. కేశనాళికీయత పాఠాన్ని ఈ గాజు గొట్టం దగ్గరే ముగించి, పిల్లలు నడిచే మట్టి అంతా ఇలాంటి సన్నని దారుల అల్లికే అని చెప్పకుండా వదిలేయడం భౌతికశాస్త్ర బోధనలో పెద్ద లోటని నా అభిప్రాయం. 1907లో భౌతికశాస్త్రవేత్త ఎడ్గార్ బకింగ్‌హామ్ మట్టి తన నీటిని ఎంత బలంగా పట్టి ఉంచుతుందో కొలిచి చెప్పే భావనను ప్రవేశపెట్టిన తరువాతే, పూర్తిగా నానని మట్టిలో నీటి కదలికను లెక్కకట్టడం సాధ్యమైంది.

ఇప్పుడు కుండీలోకి వద్దాం. నీరు పోసి, కారడం పూర్తిగా ఆగేదాకా వేచి ఉన్నామనుకుందాం. అడుగున, చిల్లు ఉన్న మట్టంలో, మట్టిలోని నీటి పీడనం బయటి గాలి పీడనంతో దాదాపు సమానంగా ఉంటుంది. అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ ప్రతి సెంటీమీటరుకూ ఆ నీటి మీద కిందికి లాగే బలం ఒక సెంటీమీటరు నీటి బరువంత పెరుగుతూ పోతుంది. మట్టి సందులలో నీటిని పట్టి ఉంచే శక్తి ఆ లాగుడు కంటే ఎక్కువగా ఉన్నంత ఎత్తు వరకూ సందులన్నీ నీటితో నిండే ఉంటాయి. ఆ ఎత్తు దాటాక మొదట పెద్ద సందులు ఓడిపోయి నీటిని వదులుతాయి, వాటిలోకి గాలి వస్తుంది. ఇంకా పైన వాటికంటే చిన్నవి వదులుతాయి. అంటే ప్రతి కుండీ అడుగునా, చిల్లులు ఎన్ని ఉన్నా, నీరు కారడం ఆగిపోయాక కూడా పూర్తిగా నానిన పొర ఒకటి మిగులుతుంది. దాని మందాన్ని నిర్ణయించేది సందుల పరిమాణమే. కుండీ లోతుతోగానీ, చిల్లుల సంఖ్యతోగానీ దానికి సంబంధం లేదు.

ఈ మాటలో ఉన్న పర్యవసానం చాలా పెద్దది. ఒక మట్టి మిశ్రమంలో నానిన పొర 6 సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే, 30 సెంటీమీటర్ల లోతున్న కుండీలో అది అయిదో వంతు మాత్రమే. అదే మిశ్రమాన్ని 12 సెంటీమీటర్ల కుండీలో నింపితే సగం కుండీ నీటిలో మునిగి ఉన్నట్టే. ఇప్పుడు 20 సెంటీమీటర్ల కుండీ తీసుకోండి. మొత్తం మట్టే నింపితే అడుగున 6 సెంటీమీటర్లు నానిన పొర పోగా, వేళ్ళకు 14 సెంటీమీటర్ల గాలి ఆడే మట్టి మిగులుతుంది. అడుగున 6 సెంటీమీటర్ల రాళ్ళు వేస్తే మట్టి లోతు 14 సెంటీమీటర్లకు తగ్గుతుంది, కానీ నానిన పొర తగ్గదు. అది రాళ్ళలోకి దిగకుండా సరిగ్గా రాళ్ళ మీదనే కూర్చుంటుంది, వేళ్ళకు 8 సెంటీమీటర్లే మిగులుతాయి. నీరు రాళ్ళలోకి ఎందుకు దిగదంటే, మట్టి సన్న సందులలో గట్టిగా పట్టి ఉన్న నీటిని లాక్కునే శక్తి రాళ్ళ మధ్య ఉన్న పెద్ద ఖాళీలకు లేదు. రాళ్ళకు ఎగువన మట్టి పూర్తిగా నాని, నీటి పీడనం గాలి పీడనంతో దాదాపు సమానమైతే తప్ప చుక్క కిందికి జారదు. కాబట్టి రాళ్ళ పొర చేసేదల్లా చిల్లు మట్టాన్ని పైకి ఎత్తి, కుండీని పొట్టిగా మార్చడమే.

నమ్మకం కుదరనివారు చేసి చూడదగిన ప్రయోగం ఒకటుంది. పాత్రలు తోమే పలకలాంటి స్పాంజిని నీటిలో బాగా నానబెట్టి, పిండకుండా, రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని ఒక పళ్ళెం పైన అడ్డంగా, చదునుగా ఉంచండి. కొంతసేపు నీరు ధారగా, తరువాత చుక్కలుగా కారి చివరికి ఆగిపోతుంది. అప్పుడు దానిని నెమ్మదిగా తిప్పి పొడవాటి అంచు మీద నిలబెట్టండి. ఆగిపోయిందనుకున్న నీరు మళ్ళీ కారుతుంది. అది ఆగాక పొట్టి అంచు మీద నిలువుగా పట్టుకుంటే మూడోసారి కారుతుంది. పైభాగం రంగు తేలికపడి ఆరినట్టు కనిపిస్తుంది, కింది అంచు వెంట మాత్రం మెరిసే తడి పట్టీ ఒకటి మిగులుతుంది. స్పాంజి మారలేదు, దాని సందులు మారలేదు, మారింది నిలువు ఎత్తు ఒక్కటే. ఇప్పుడు తడిపిన నూలు గుడ్డ పీలిక ఒకటి ఆ కింది అంచుకు ఆనించి వేలాడదీయండి. పీలిక కొస నుంచి నీరు బొట్లు బొట్లుగా రాలుతుంది. ఎందుకంటే పీలికలోని సన్న దారులు నీటి స్తంభాన్ని కిందికి పొడిగించాయి, ఆ స్తంభం బరువు స్పాంజిలోని నీటిని లాగింది.

తోటలోని నేల మీద బాగా పెరిగిన మొక్క అదే మట్టితో నింపిన కుండీలో కుంగిపోవడానికి కారణం కూడా ఇదే. నేలలో మట్టి తెగకుండా చాలా లోతుకు సాగుతుంది. భూమిలో నీటి మట్టం ఒక మీటరు లోతున ఉందనుకుంటే, నీరు ఇంకి స్థిరపడ్డాక పైపొర మీద 100 సెంటీమీటర్ల నీటి స్తంభం లాగుడు పనిచేస్తుంది, అది 0.015 మిల్లీమీటర్ల కంటే పెద్ద వ్యాసార్ధం ఉన్న సందులను ఖాళీ చేయగలదు. కుండీలో అడుగు నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న మట్టి మీద 10 సెంటీమీటర్ల లాగుడే ఉంటుంది, అక్కడ 0.15 మిల్లీమీటర్ల కంటే పెద్దవి మాత్రమే ఖాళీ అవుతాయి. మెత్తని తోట మట్టిలో అంత పెద్ద సందులు చాలా తక్కువ. మట్టి మంచిదే అయినా కుండీ లోతు దానికి చాలదు.

నానిన పొర వేళ్ళకు చేసే హాని నీటి వల్ల కలిగేది కాదు, గాలి లేకపోవడం వల్ల కలిగేది. నీటిలో ఆక్సిజన్ గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. పైగా 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, లీటరు నీటిలో కరిగేది 8 మిల్లీగ్రాములే. వేసవిలో పరిస్థితి ఇంకా కష్టం: మట్టి వేడెక్కేకొద్దీ వేళ్ళ శ్వాసక్రియ పెరుగుతుంది, నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజు అణువు నుంచి వేరు కణం తన పనులకు శక్తినిచ్చే ఏటీపీ అణువులను సుమారు 30 తయారు చేసుకుంటుంది; ఆక్సిజన్ లేకపోతే కిణ్వనం (పులియడం) మీద ఆధారపడి 2 మాత్రమే పొందుతుంది. అంత తక్కువ శక్తితో ఖనిజాలను లోపలికి తీసుకోవడం, కొత్త వేరు కొసలను పెంచడం సాగదు. కణంలో ఆమ్లత్వం పెరిగి, నీటిని లోపలికి పంపే ఆక్వాపోరిన్ ప్రోటీన్ల ద్వారాలు మూసుకుంటాయి. బలహీనపడిన వేళ్ళ మీద పిథియం వంటి నీటిబూజు జీవులు దాడి చేస్తాయి. వాటి సిద్ధబీజాలు నీటిలో ఈదుతూ వేరును చేరుకుంటాయి కాబట్టి నానిన పొర వాటికి దారి కూడా అవుతుంది.

టమాటా ఆకులు వాలిపోవడం వెనుక ఉన్న రసాయన కథ నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది. మొక్కలు ఎథిలీన్ వాయువును తయారుచేసే దారిలో ఏసీసీ అనే పదార్థం చివరి మెట్టుకు ముందు వస్తుంది. ఏసీసీని ఎథిలీన్‌గా మార్చడానికి ఆక్సిజన్ తప్పనిసరి. నానిన వేళ్ళలో ఏసీసీ తయారవుతుంది గానీ, ఆక్సిజన్ లేక అక్కడే పేరుకుపోతుంది. తరువాత దారు నాళాల గుండా పైకి ప్రయాణించి ఆకులకు చేరుతుంది. ఆకులలో ఆక్సిజన్ పుష్కలంగా ఉంటుంది కాబట్టి అది అక్కడ ఎథిలీన్‌గా మారుతుంది. ఆ ఎథిలీన్ ప్రభావంతో ఆకు కాడ పైవైపు కణాలు కిందివైపు కణాల కంటే వేగంగా సాగి, కాడ కిందికి వంగుతుంది. 1980లో కెంట్ బ్రాడ్‌ఫర్డ్, షాంగ్ ఫా యాంగ్ నీటమునిగిన టమాటా మొక్కల మీద ప్రయోగాలు చేసి ఈ ప్రయాణాన్ని నిరూపించారు. వేళ్ళు ఊపిరాడక ఉన్నాయన్న సంగతి ఆకుకు చేరే పద్ధతి ఇది.

తోటమాలి కంటికి మాత్రం వాలిన ఆకు దాహంతో వాలినట్టే కనిపిస్తుంది, ఇంకొంచెం నీరు పోస్తాడు, ఉన్న కొద్ది గాలీ పోతుంది. ఆకును ముట్టుకుంటే తేడా తెలుస్తుంది: దాహంతో వాలిన ఆకు చచ్చుబడి వేలాడుతుంది, ఎథిలీన్ వల్ల వంగిన ఆకు బిగువుగానే ఉండి కాడ దగ్గర మాత్రం కిందికి తిరిగి ఉంటుంది. అయితే వేళ్ళు మరీ దెబ్బతింటే ఆకు నిజంగానే చచ్చుబడుతుంది కాబట్టి, నీరు పోసేముందు ఒక పుల్లను కుండీ అడుగుదాకా దింపి తడి చూడటమే నమ్మదగిన పద్ధతి. పైమట్టి ఆరినంత మాత్రాన అడుగు ఆరినట్టు కాదు.

నివారణకు దారులు ఇదే సూత్రం నుంచి వస్తాయి. ముతక పదార్థాన్ని అడుగున పొరగా వేయకుండా మిశ్రమమంతటా కలపాలి. పెర్లైట్ (వేడికి ఉబ్బిన తేలికైన తెల్లని ఖనిజపు పలుకులు), కొబ్బరి పొట్టు ముక్కలు, చెట్టు బెరడు ముక్కలు కలిపితే సందులు పెద్దవై నానిన పొర పలచబడుతుంది. బంకమట్టిలో గుప్పెడు ఇసుక కలపడం వల్ల మేలు జరగదు. ఇసుక రేణువులు ఒకదానికొకటి తగిలేంత ఎక్కువగా ఉంటే తప్ప వాటి మధ్య ఖాళీలను బంకమట్టి పూడ్చేస్తూనే ఉంటుంది. చిల్లు మీద మట్టి జారిపోకుండా జాలీ ముక్క చాలు. చిల్లు గుండా నూలు వత్తి ఒకటి మట్టిలోంచి బయటికి వేలాడదీస్తే, స్పాంజికి పీలిక చేసిన పనే అది కుండీకి చేస్తుంది. చిన్న నారును పెద్ద కుండీలో నాటవద్దనడానికి కారణం కూడా ఇదే: ఎదిగిన మొక్క నానిన పొరలోని నీటిని ఒకటి రెండు రోజుల్లో తాగేసి గాలికి చోటిస్తుంది, రెండాకుల నారు తాగలేదు. పుదీనా ఈ తడిని చాలావరకు సహిస్తుంది. ఎండు కొండవాలుల నుంచి వచ్చిన రోజ్‌మేరీ, థైమ్ సహించవు, వాటికి లోతైన కుండీ, ముతక మిశ్రమం రెండూ కావాలి.

ఈ నానిన పొరను కావాలని సృష్టించుకునేవారూ ఉన్నారు. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రకటించిన పచ్చిక నిర్మాణ పద్ధతిలో కంకర పొర మీద సుమారు 30 సెంటీమీటర్ల ఇసుక పరుస్తారు; ఇసుకలో నీరు త్వరగా ఇంకిపోకుండా కంకర మీద కొంత నిలవడమే అక్కడ కావలసింది. ఇసుక లోతు సరిపడా ఉంటుంది కాబట్టి గడ్డి వేళ్ళకు గాలీ దొరుకుతుంది.

మీ మిశ్రమం ఎలాంటిదో కొలవడం కష్టం కాదు. మీరు వాడే కుండీ అంత లోతున్న డబ్బా అడుగున చిల్లులు చేసి, వాటిని మూసి, ఒక లీటరు మిశ్రమం నింపి, పైన నీరు మెరిసేదాకా నెమ్మదిగా పోసి గంటసేపు ఉంచండి. తరువాత చిల్లులు తెరిచి, కారిన నీటినంతా పట్టి కొలవండి. 150 మిల్లీలీటర్లు వస్తే మిశ్రమంలో 15 శాతం చోటు గాలికి దక్కినట్టు. 100 మిల్లీలీటర్ల కంటే తక్కువ వస్తే టమాటా, మిరప మొక్కల వేళ్ళకు ఇబ్బందే. లోతు తక్కువ డబ్బాలో కొలిస్తే అదే మిశ్రమానికి తక్కువ అంకె వస్తుంది, అందుకే లోతు సమానంగా ఉండాలి. ఇప్పటికే మొక్కలున్న కుండీలను తిరిగి నింపలేనివారు నీరు పోసి కారడం ఆగాక కుండీని ఒక వైపుకు బాగా వంచి, చిల్లు అన్నిటికంటే కిందికి వచ్చేలా కాసేపు ఉంచవచ్చు. వంచిన కుండీలో నిలువు ఎత్తు పెరుగుతుంది కాబట్టి మరికొంత నీరు బయటికి వస్తుంది, అది వదిలిన సందులలోకి గాలి చేరుతుంది.