ఎముకకూ ఎముకకూ నడుమ

మోకాళ్ళ నొప్పులతో బాధపడే పెద్దవాళ్ళున్న ఏ ఇంట్లోనైనా "గుజ్జు అరిగిపోయిందట" అనే మాట వినబడుతుంది. రోగికి సులువుగా తెలుస్తుందని వైద్యులు కూడా తరచు అదే మాట వాడతారు. అయితే ఈ ఒక్క మాటలో రెండు వేర్వేరు పదార్థాలు కలిసిపోయాయి. ఎముకల కొనలకు అంటుకొని ఉండే మృదులాస్థి ఒకటి, కీలు లోపల ఊరే జిగట ద్రవం మరొకటి. అరిగేది మొదటిది. రెండోది అరిగేది కాదు సరికదా, కీలు వాచినప్పుడు ఉండవలసినదానికంటే ఎక్కువే ఊరుతుంది. "మోకాల్లో నీరు చేరింది" అనేది దాన్నే.

రెండు ఎముకలు కలిసే చోటు కీలు అని బడిలో చదువుకున్నాం. అది తప్పు కాదు గానీ, అసలు సంగతి అందులో రాలేదు. ఆరోగ్యంగా ఉన్న కీలులో ఎముక ఎముకను నేరుగా తాకదు. నడుమ ఏదో ఒకటి ఉంటుంది. ఆ నడుమ ఉన్నదేమిటన్నదాన్ని బట్టే శరీర నిర్మాణ శాస్త్రం కీళ్ళను మూడు జాతులుగా విడదీసింది.

నడుమ ఉన్నది నారలాంటి గట్టి కణజాలమైతే ఆ కీలు కదలదు, లేదా కదిలీ కదలనట్టు ఉంటుంది. పుర్రె ఎముకలు రంపపు పళ్ళలా ఒకదానిలో ఒకటి ఇమిడిన అతుకులు ఈ జాతివే. పుట్టిన బిడ్డలో ఈ అతుకులు ఇంకా బిగిసి ఉండవు కాబట్టే కాన్పు వేళ పుర్రె ఎముకలు ఒకదానిమీదికొకటి కాస్త జరిగి దారి ఇవ్వగలుగుతాయి, ఆ తరువాత మెదడు పెరిగేకొద్దీ తలా పెరగగలుగుతుంది. పసిబిడ్డకు నూనె పెట్టేటప్పుడు నడినెత్తిన వేలికి మెత్తగా తగిలే మాడు ఎముకలింకా కలవని చోటే. అది సాధారణంగా ఏడాదిన్నర వయసుకల్లా మూసుకుంటుంది.

రెండో జాతిలో ఎముకలను మృదులాస్థి కలుపుతుంది. వెన్నుపూసల నడుమ బిళ్ళలు ఇందుకు ఉదాహరణ. ఒక్కొక్క బిళ్ళ దగ్గర కదలిక కొంచెమే అయినా, అలాంటివి 23 ఉండటం వల్ల నడుము వంచి నేల మీది వస్తువు అందుకోగలుగుతున్నాం.

మూడో జాతి కీళ్ళలో ఎముకల నడుమ ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో మొదట చెప్పుకున్న జిగట ద్రవం, అంటే సైనోవియల్ ద్రవం ఉంటుంది. మోకాలినే తీసుకుంటే, తొడ ఎముక, కాలి ఎముక కొనలకు కొన్ని మిల్లీమీటర్ల మందాన నున్నని మృదులాస్థి పూత, చుట్టూ సంచిలాంటి పొర, ఎముకను ఎముకకు కట్టి ఉంచే సంధిబంధనాలు, లోపల గుడ్డులోని తెల్లసొనను పోలిన ద్రవం ఉంటాయి. శరీరంలోకెల్లా పెద్ద కీలైన మోకాల్లో కూడా ఆ ద్రవం మామూలుగా ఒక టీ చెంచాకు తక్కువే. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, నాడులూ లేవు. బరువు పడినప్పుడు అది స్పాంజిలా నొక్కుకుపోయి ద్రవాన్ని వదులుతుంది, బరువు తీసినప్పుడు పీల్చుకుంటుంది. దాని తిండి అలా అందుతుంది. అరుగుదల మొదలైన తొలి రోజుల్లో నొప్పి తెలియకపోవడానికీ, అరిగినది తిరిగి సరిగా పూడకపోవడానికీ మూలం ఈ కట్టడంలోనే ఉంది.

ఈ మూడో జాతిలో మళ్ళీ ఎముకల ఆకారాన్ని బట్టి బంతి గిన్నె కీలు, మడతబందు కీలు, బొంగరపు కీలు, జారెడు కీలు వంటి రకాలున్నాయి. పేర్లు చక్కగా కుదిరాయి గానీ వాటిని మరీ నమ్మకూడదు. తుంటిలో తొడ ఎముక తల రుబ్బురోటిలో పొత్రంలా లోతుగా కూర్చుంటుంది. భుజంలో అదే రకపు కీలు సాసరు మీద పెట్టిన బంతిలా ఉంటుంది. చెయ్యి అన్ని వైపులా తిరిగేదీ అందుకే, భుజం తేలిగ్గా తప్పేదీ అందుకే. మోకాలిని మడతబందు అంటారు. కుర్చీలో కూర్చొని, మోకాలు మడిచి, తొడను చేత్తో కదలకుండా పట్టుకొని పాదాన్ని లోపలికీ బయటికీ తిప్పి చూడండి, మోకాలి కింది కాలి ఎముక తిరగడం తెలుస్తుంది. ఏ తలుపు బందూ అలా తిరగదు. కాలు పూర్తిగా చాపితే ఆ తిరుగుడు ఆగిపోతుంది. నిలబడి కాలు నిటారు చేసే ఆఖరి క్షణంలో తొడ ఎముక కాస్త లోపలికి తిరిగి కీలు బిగుసుకుంటుంది కాబట్టే, తొడ కండరాలను పెద్దగా శ్రమపెట్టకుండా చాలాసేపు నిలబడగలుగుతున్నాం. మళ్ళీ మడవాలంటే మోకాలి వెనకనున్న ఒక చిన్న కండరం ఆ బిగువును విప్పాలి.

మెడలో పని రెండు కీళ్ళు పంచుకున్నాయి. అవునని తల పైకీ కిందికీ ఊపేది ముఖ్యంగా పుర్రెకూ మొదటి వెన్నుపూసకూ మధ్యనున్న కీలు. కాదని అడ్డంగా తిప్పేది మొదటి రెండు పూసల మధ్యనున్న బొంగరపు కీలు.

నడుమ ఉన్నది కూడా ఎముకలా మారితే ఏమవుతుందో తెలుగు నేల చూసింది. అప్పటి నెల్లూరు జిల్లాలో తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల మనుషులు వంగిపోతున్నారని 1937లో వైద్య పత్రికలో ప్రచురితమైంది. నల్లగొండ పల్లెల కథ మనందరికీ తెలిసిందే. ఏళ్ళ తరబడి ఆ నీరు తాగినవారిలో ఎముకలు మందమవుతాయి, సంధిబంధనాలలో సున్నం చేరి గట్టిపడతాయి, వెన్ను ఒకే కర్రలా బిగుసుకుంటుంది. వ్యాధి ముదిరిన మనిషిని వెనకనుంచి పిలిస్తే మెడ తిప్పి చూడలేడు. పాదాలు జరుపుకుంటూ ఒళ్ళంతా తిప్పి చూస్తాడు.