1978 ‘సూపర్‌మ్యాన్’: అభిమానులు వదలని పాత బాకీ

2025 జులైలో జేమ్స్ గన్ దర్శకత్వంలో కొత్త ‘సూపర్‌మ్యాన్’ థియేటర్లకు వచ్చింది. అంతకు ఏడు నెలల ముందే, దాని తొలి ప్రచార చిత్రం విడుదలైన రోజున అభిమానులు చెవులు రిక్కించారు. 1978 ‘సూపర్‌మ్యాన్’కు జాన్ విలియమ్స్ కట్టిన బాణీనే గిటార్ మీద వాయించి వినిపించారు అందులో. సినిమాలో కాసేపు కనిపించే టీవీ విలేకరి పాత్రను 1978 నాటి కథానాయకుడు క్రిస్టఫర్ రీవ్ కొడుకు విల్ రీవ్‌కు ఇచ్చారు. అసలు జీవితంలోనూ ఆయన వృత్తి అదే.

కోట్లు పోసి కొత్తగా తీసేవాళ్లు పాత సినిమాకు దణ్ణం పెట్టుకుని మొదలుపెట్టడం ఇది మొదటిసారి కాదు. 2006లో బ్రయాన్ సింగర్ అదే బాణీని వాడుకున్నారు, 1978 చిత్రంలో సూపర్‌మ్యాన్ తండ్రిగా వేసిన మార్లన్ బ్రాండో పాత దృశ్యాలను కూడా తెచ్చి పెట్టుకున్నారు. 2013లో జాక్ స్నైడర్ ఆ సంగీతాన్ని పూర్తిగా పక్కన పెడితే, అది లేని సూపర్‌మ్యాన్ ఏమిటని సణిగినవాళ్లకు లెక్క లేదు.

ఈ మమకారానికి చిన్ననాటి జ్ఞాపకాలే కారణమని సరిపెట్టుకోవచ్చు. నాకు ఆ మాట చాలదు. 1978లో వచ్చిన పెద్ద హిట్లన్నిటికీ ఇలాంటి సేన లేదు. పైగా ఈ సేనలో సినిమా విడుదలైనప్పటికి పుట్టనివాళ్లు కూడా బోలెడుమంది. ఈ సినిమాకు మాత్రం ఒక పాత బాకీ ఉంది. రెండు భాగాలుగా మొదలైన కథ ఒకటిన్నర దాటాక దర్శకుడి చేయి జారిపోయింది. మిగిలిన ముక్క కోసం అభిమానులు పాతికేళ్లకు పైగా వెంటపడ్డారు. అలా వెంటపడుతూ ఉండటమే వాళ్ల ప్రేమను చల్లారనివ్వలేదని నా నమ్మకం.

బాకీ సంగతి సినిమాతోనే మొదలు కాలేదు. క్లీవ్‌లాండ్ కుర్రాళ్లు జెర్రీ సీగెల్, జో షుస్టర్ సృష్టించిన సూపర్‌మ్యాన్ 1938లో తొలిసారి అచ్చయ్యాడు. హక్కులు 130 డాలర్లకు అమ్ముకున్న ఆ ఇద్దరూ దశాబ్దాల తర్వాత కూడా డబ్బుకు కటకటలాడుతూనే ఉన్నారు. కోట్ల ఖర్చుతో సినిమా తీయబోతున్నారన్న వార్త విని సీగెల్ 1975లో పత్రికలకెక్కాడు. కార్టూనిస్టులు అతని పక్షాన నిలిచారు. ఆ డిసెంబరులో, హక్కులు చేతిలో ఉన్న వార్నర్ సంస్థ దిగివచ్చి, ఇద్దరికీ ఏటా 20 వేల డాలర్ల చొప్పున ఇవ్వడానికి, సృష్టికర్తలుగా పేర్లు వేయడానికి ఒప్పుకుంది. తెర మీద ఆ పేర్లు పడటం వెనుక ఇంత కథ ఉంది.

సినిమా హక్కులను 1974లో కొన్నది అలెగ్జాండర్ సాల్కిండ్, ఆయన కొడుకు ఇల్యా, వారి భాగస్వామి పియెర్ స్పెంగ్లర్. వాళ్లకు అప్పటికే ఒక పేరుంది, అది మంచి పేరు కాదు. రిచర్డ్ లెస్టర్ దర్శకత్వంలో ‘త్రీ మస్కెటీర్స్’ కథను ఒకే సినిమా అని నటులతో తీయించి, రెండుగా కోసి విడుదల చేశారు. ఒక్క పారితోషికంతో రెండు సినిమాలు నటించామని తెలిసి నటులు కోర్టుకెళ్లారు. ఎన్ని సినిమాలకు నటిస్తున్నామో ఒప్పందంలోనే రాసుకునే షరతుకు హాలీవుడ్‌లో సాల్కిండ్ల పేరే పడింది. ఈసారి వాళ్లు రెండు సినిమాలని ముందే చెప్పి, రెండింటినీ కలిపి తీయడం మొదలుపెట్టారు.

‘గాడ్‌ఫాదర్’ రచయిత మారియో పూజోతో రాయించిన స్క్రిప్టు వందల పేజీలకు పోయింది. దర్శకుడిగా గై హామిల్టన్‌ను పెట్టుకున్నారు. చిత్రీకరణ ఇటలీలో అనుకున్నారు. అయితే బ్రాండో ఇటలీలో అడుగుపెట్టలేని పరిస్థితి, ఆయన పాత సినిమా ఒకదాని మీద అక్కడ అశ్లీలత కేసు ఉంది. సరే, ఇంగ్లండ్‌కు మారుద్దామంటే, పన్నుల గొడవ వల్ల హామిల్టన్ అక్కడ ఏడాదికి నెల రోజులకు మించి ఉండలేరు. చివరికి హామిల్టన్ తప్పుకున్నారు. 1976లో ‘ది ఒమెన్’ హిట్ కొట్టి ఉన్న రిచర్డ్ డానర్‌కు పది లక్షల డాలర్లు ఇస్తామని కబురు వెళ్లింది.

చేతికొచ్చిన స్క్రిప్టు డానర్‌కు వెటకారంలా కనిపించింది. టామ్ మాంకియెవిచ్‌ను పిలిచి తిరగరాయించారు. నమ్మశక్యంగా ఉండటం అన్న ఒక్క మాటను పట్టుకుని, దాన్ని బోర్డు మీద రాసి పెట్టి, అందరి ప్రాణం తీశారు. అరవైల నాటి ‘బ్యాట్‌మ్యాన్’ టీవీ ధారావాహిక తర్వాత కామిక్స్ అంటే నవ్వుకునే సరుకని అందరూ తేల్చేసిన కాలం అది. డానర్ సూపర్‌మ్యాన్‌ను చూసి నవ్వలేదు, అతని చుట్టూ ఉన్నవాళ్లను మాత్రం నవ్వనిచ్చారు. ఈ తేడాయే సినిమాకు ఆయువుపట్టు.

కథానాయకుడి వేట సంగతి చెప్పుకుని తీరాలి. పేరున్న నటులు కాదన్నారు, లేకపోతే వీళ్లే వద్దనుకున్నారు. ఒక దశలో ఇల్యా భార్యకు పళ్లు బాగుచేసే డాక్టరుకు కూడా స్క్రీన్ టెస్టు చేశారు. చివరికి కుదిరిన క్రిస్టఫర్ రీవ్‌కు అప్పటికి 24 ఏళ్లు. జూలియార్డ్‌లో నటన నేర్చుకున్న నాటకాల కుర్రాడు, ఆరడుగుల నాలుగంగుళాల పొడగరి, బక్కపలచని మనిషి. దుస్తుల కింద ఉత్తుత్తి కండలు పెడతామంటే ఒప్పుకోలేదు. ‘స్టార్ వార్స్’లో డార్త్ వేడర్ ముసుగు వెనక ఉన్న డేవిడ్ ప్రౌజ్ దగ్గర కసరత్తు చేసి ఒళ్లు పెంచాడు. బ్రాండోకు రెండు వారాలు కూడా నిండని పనికి 37 లక్షల డాలర్లు, పైగా వసూళ్లలో వాటా. రెండు సినిమాలకూ కలిపి రీవ్‌కు దక్కింది రెండున్నర లక్షలు. టైటిల్స్‌లో బ్రాండో, విలన్‌గా వేసిన జీన్ హాక్‌మన్ల తర్వాతే అతని పేరు.

ఈ సినిమా మొత్తంలో ఒక్క షాటు చూపించమంటే అభిమానులు ఎగిరే షాటును ఎంచుకోరు. తను ప్రేమించే విలేకరి లోయిస్ లేన్‌తో ఆకాశమంతా తిరిగి వచ్చాక, సూపర్‌మ్యాన్ తను మామూలు మనిషిగా తిరిగే క్లార్క్ కెంట్ వేషంలో ఆమె తలుపు తడతాడు. ఆమె లోపలి గదిలోకి వెళ్తుంది. అతను నిజం చెప్పేద్దామనుకుంటాడు. కళ్లద్దాలు తీస్తాడు. వంగిన వెన్ను నిలబడుతుంది, భుజాలు విచ్చుకుంటాయి, గొంతు ఒక మెట్టు దిగి గంభీరమవుతుంది. మనిషి కొన్ని అంగుళాలు పెరిగాడా అనిపిస్తుంది. ఆమె రాబోతోందనగా ధైర్యం చాలక మళ్లీ కళ్లద్దాలు, మళ్లీ గూని, మళ్లీ నత్తి. కటింగ్ లేదు, ట్రిక్ లేదు. కళ్లద్దాలు పెట్టుకుంటే ఎవరూ గుర్తుపట్టకపోవడమేమిటని నలభై ఏళ్లుగా కామిక్స్‌ను ఎగతాళి చేస్తున్నవాళ్లకు ఒక నటుడు తన ఒంటితో ఇచ్చిన జవాబు అది.

ఎగరడం తేలిగ్గా దొరకలేదు. తీగలు కట్టారు, బొమ్మలు విసిరారు, నీలి తెర ముందు పడుకోబెట్టారు. నీలి తెర ముందు నీలి దుస్తులు వేస్తే మనిషే మాయమవుతాడు కాబట్టి, ఆ షాట్లకు పచ్చ కలిసిన వేరే నీలంలో దుస్తులు కుట్టించి తర్వాత రంగు సరిచేశారు. అసలు చిక్కు విప్పింది జోరాన్ పెరిసిక్ పద్ధతి. కెమెరాకు, వెనక దృశ్యం వేసే ప్రొజెక్టరుకు ఒకేసారి కదిలే జూమ్ కటకాలు బిగించాడు. రెండూ కలిసి కదిలితే వెనక ఆకాశం ఉన్నచోటే ఉన్నట్టుంటుంది, ముందున్న మనిషి మాత్రం మీదికి దూసుకొస్తున్నట్టో దూరమవుతున్నట్టో కనిపిస్తాడు. ‘మాయాబజార్’ ట్రిక్కుల గురించి గంటలు గంటలు మాట్లాడుకునే మనకు ఈ కిటుకులోని అందం విడమరచి చెప్పనక్కర్లేదు. రీవ్‌కు గ్లైడర్లు, విమానాలు నడపడం వచ్చు. అందుకే తీగ మీద వేలాడుతున్నా మలుపు దగ్గర ఒళ్లు వాల్చడం అతనికి తెలుసు. చాయాగ్రాహకుడు జెఫ్రీ అన్స్‌వర్త్ విడుదలకు ముందే కన్నుమూశారు. సినిమాను ఆయనకే అంకితమిచ్చారు.

1978 డిసెంబరులో విడుదలైన చిత్రానికి ఖర్చు సుమారు 5.5 కోట్ల డాలర్లు, ప్రపంచవ్యాప్త వసూళ్లు 30 కోట్లు. ట్రిక్ దృశ్యాలకు ప్రత్యేక ఆస్కార్ దక్కింది. మన దగ్గర ఆ వేడి ఎంత త్వరగా తగిలిందంటే, 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్టీఆర్ హీరోగా తెలుగు ‘సూపర్‌మేన్’ వచ్చేసింది. వేరే గ్రహం నుంచి శక్తులు దిగుమతి చేసుకునే అవసరం మనకు రాలేదు, ఆంజనేయస్వామి వరమిచ్చాడు.

ఇక బాకీ పడిన వైనం. ఖర్చు, గడువు మీద డానర్‌కు నిర్మాతలతో మాటలు కూడా లేని స్థితి వచ్చింది. మధ్యవర్తిగా వచ్చింది రిచర్డ్ లెస్టరే. రెండో భాగంలో ముప్పాతిక వంతు చిత్రీకరించాక దాన్ని ఆపి, ముందు మొదటిది పూర్తి చేద్దామన్నారు. సూపర్‌మ్యాన్ భూమి చుట్టూ తిరిగి కాలాన్ని వెనక్కి మళ్లించే ఘట్టం నిజానికి రెండో భాగం ముగింపు. దాన్ని తెచ్చి మొదటి భాగానికి అతికించారు. సినిమా ఘనవిజయం సాధించాక, 1979లో డానర్‌ను తీసేసి రెండో భాగం లెస్టర్‌కు అప్పగించారు.

దర్శకుడిగా తన పేరు పడాలంటే లెస్టర్ చాలా భాగాన్ని మళ్లీ తీయాలి. తీశారు. తన వాటా కోసం బ్రాండో అప్పటికే దావా వేసి ఉన్నాడు. అతను తెర మీద కనిపిస్తే మళ్లీ వాటా ఇవ్వాలి కాబట్టి తండ్రి దృశ్యాలన్నీ తీసేసి తల్లి పాత్రధారి సుసానా యార్క్‌తో నడిపించారు. హాక్‌మన్ తిరిగి రానన్నాడు. కొన్నిచోట్ల డూపు వీపు చూసి తృప్తి పడాలి. లోయిస్ పాత్ర వేసిన మార్గట్ కిడర్ డానర్ తరఫున బాహాటంగా మాట్లాడింది, మూడో భాగంలో ఆమె పాత్ర నిమిషాల్లోకి కుదించుకుపోయింది. రెంటికీ సంబంధం లేదని నిర్మాతలు అన్నారు, అభిమానులు నమ్మలేదు. నేనూ నమ్మను.

వెతుకులాటకు దారి చూపింది టీవీ. 1982 ఫిబ్రవరిలో ఏబీసీ చానల్ మొదటి సినిమాను రెండు రాత్రులుగా ప్రసారం చేసింది. 143 నిమిషాల సినిమాకు దాదాపు 40 నిమిషాలు కలిసింది. నిడివిని బట్టి డబ్బు వస్తుందని సాల్కిండ్లు కత్తిరింపు ముక్కలన్నీ తిరిగి చేర్చారు. వాళ్ల ఆశ అభిమానులకు వరమైంది. థియేటర్లో రెప్పపాటులో పోయిన రైలు సన్నివేశం ఇందులో పూర్తిగా ఉంది. కిటికీలోంచి, రైలుతో పోటీపడి పరిగెడుతున్న కుర్రాణ్ని ఒక పాప చూస్తుంది. ఆ పాపే లోయిస్. పక్కనున్న తల్లిదండ్రులు 1948 ధారావాహికలో సూపర్‌మ్యాన్‌గా, లోయిస్‌గా నటించిన కిర్క్ ఆలిన్, నోయెల్ నీల్. ఇలాంటివి కళ్లబడ్డాక ఇంకేం దాచారోనన్న అనుమానం ఊరుకోనివ్వదు. వీసీఆర్ ఉన్నవాళ్లు రికార్డు చేసి పెట్టుకున్నారు, టేపులు చేతులు మారాయి. రెండో భాగం టీవీ ప్రసారాల్లో దేశానికో రకం ముక్కలు బయటపడితే, వాటన్నిటినీ ఏరి తమంత తామే పొడుగాటి కూర్పు తయారు చేసుకున్నారు.

ఇంతలో 1995 మేలో గుర్రం మీద నుంచి పడి రీవ్ మెడ కింద కదలిక కోల్పోయాడు. మరుసటి ఏడాది ఆస్కార్ వేదిక మీద చక్రాల కుర్చీలో కనిపించినప్పుడు సభ లేచి నిలబడింది. వెన్నుపాము పరిశోధన కోసం నిధులు సేకరిస్తూ 2004 అక్టోబరు దాకా బతికాడు. దీని గురించి రాసేటప్పుడు తెర మీది వీరుణ్ని, కుర్చీలోని మనిషిని ఒకటి చేసి కన్నీళ్లు పెట్టించడం తేలిక. అయినా ఆ ముఖం మీద అభిమానుల మమకారం అప్పటి నుంచి వేరే రంగు తీసుకుందన్నది కాదనలేం. 2023లో ‘ది ఫ్లాష్’ సినిమా రీవ్‌ను కంప్యూటర్‌తో పుట్టించి చూపినప్పుడు చప్పట్ల కంటే చీవాట్లే గట్టిగా వినిపించాయి.

డానర్ కూర్పు కావాలన్న ఉత్తరాలు, సంతకాలు వార్నర్‌కు వెళ్తూనే ఉన్నాయి. 2006 చిత్రం కోసం బ్రాండో దృశ్యాల మీద ఒప్పందం కుదరడంతో ఆఖరి అడ్డు తొలగింది. మైకేల్ థావ్ పాత నెగటివ్‌లు తవ్వి తీసి, డానర్ పర్యవేక్షణలో రెండో భాగాన్ని కూర్చాడు. 2006 నవంబరులో డీవీడీగా వచ్చింది. రీవ్‌కు అంకితం. డానర్ తీయని చోట లెస్టర్ దృశ్యాలతో పూడ్చారు. నయాగరా హోటల్లో లోయిస్ తుపాకీ పేల్చి క్లార్క్ చేత నిజం ఒప్పించే ఘట్టాన్ని డానర్ అసలు చిత్రీకరించనే లేదు. అందుకని ఆనాటి స్క్రీన్ టెస్టులనే పెట్టేశారు. అవి వేర్వేరు రోజులవి. ఒకే సంభాషణలో రీవ్ ఒకసారి బక్కగా, ఒకసారి కండ పట్టి, జుట్టు ఒక్కో తీరుగా కనిపిస్తాడు. మామూలు ప్రేక్షకుడికి ఇది అతుకుల బొంత. అభిమానులకు మాత్రం ఇష్టమైన ఘట్టాల్లో ఇదొకటి.

2017లో అమెరికా జాతీయ చలనచిత్రాల జాబితా ‘నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీ’లో మొదటి సినిమాకు చోటు దక్కింది. అదే ఏడాది మూడు గంటల టీవీ కూర్పు బ్లూరేగా వచ్చింది. అదే ఏడాది ‘జస్టిస్ లీగ్’ విడుదలయ్యాక స్నైడర్ కూర్పు కోసం మొదలైన ఉద్యమం 2021లో నెగ్గింది. దానికి దారి వేసింది ఈ పాత ఉద్యమమే. డానర్ 2021 జులైలో, హాక్‌మన్ 2025 ఫిబ్రవరిలో వెళ్లిపోయారు.

బాకీ తీరిందా అంటే అభిమానులు ఒక్క మాట మీద లేరు. కాలాన్ని వెనక్కి తిప్పే ముగింపును 1978లోనే వాడేశారు కదా. డానర్ తన కూర్పులో దాన్ని అసలు చోటులో మళ్లీ పెట్టుకున్నారు. ఫలితంగా రెండూ వరసగా చూస్తే ఒకే కిటుకు రెండుసార్లు. అలాగని లెస్టర్‌ది చూస్తే బ్రాండో లేడు, హాక్‌మన్ సగం డూపు. మొదటి సినిమా అయ్యాక ఏది చూడాలని ఈరోజు ఎవరైనా కొత్తవాళ్లు అడిగితే, ముందు డానర్‌ది అనేవాళ్లు, కాదు లెస్టర్‌ది అనేవాళ్లు ఇద్దరూ వచ్చి వాలతారు. అడిగినవాళ్లు పారిపోయినా వాళ్ల వాదన ఆగదు.