ఊపిరికీ ఒక నెల లెక్క ఉంది

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిన రోజుల్లో తెల్లారకముందే గ్రౌండ్‌కి వెళ్తే ఈవెంట్స్, అంటే దేహదారుఢ్య పరీక్షలు, ప్రాక్టీస్ చేసే అమ్మాయిలు కనిపిస్తారు. తెలంగాణలో వాళ్లకి 800 మీటర్ల పరుగు, అంటే పెద్ద ట్రాక్ మీద రెండు రౌండ్లు. మొదటి రౌండ్ అందరికీ బాగానే సాగుతుంది. రెండో రౌండ్ సగంలో ఒకమ్మాయి ఆగిపోయి, మోకాళ్ల మీద చేతులు ఆనించి రొప్పుతుంది. "పోయిన వారం ఇదే స్పీడ్‌లో ఈజీగా పరిగెత్తాను, ఇవాళ ఊపిరి అందట్లేదు" అంటుంది. సరిగ్గా తినలేదేమో, నిద్ర చాల్లేదేమో అని పక్కవాళ్లు తలో మాటా అంటారు. నెలసరి డేట్ ఎప్పుడని మాత్రం ఎవరూ అడగరు.

ముందు అడగాల్సింది అదే.

ఆక్సిజన్ తగ్గితేనే ఆయాసం వస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ ఊపిరిని నడిపించే మెడుల్లా, అంటే మెదడు అడుగున వెన్నుపాముకి ఆనుకుని ఉండే భాగం, మామూలుగా కనిపెట్టుకుని ఉండేది రక్తంలోని కార్బన్ డయాక్సైడ్‌ని. ఒకసారి ముక్కు మూసుకుని ఊపిరి బిగబట్టి చూడండి. కాసేపటికే ఇక ఆగలేననిపిస్తుంది. ఆ క్షణంలో కూడా ఆరోగ్యవంతుల రక్తంలో ఆక్సిజన్ దాదాపు నిండుగానే ఉంటుంది. ఆగనివ్వకుండా చేసేది ముఖ్యంగా పేరుకున్న కార్బన్ డయాక్సైడే. కబడ్డీలో కూత ఎంతో సేపు సాగకపోవడంలోనూ దాని పాత్ర ఉంది.

నెలసరి లెక్క కలిసేది ఇక్కడే. అండం విడుదలయ్యాక, అది వదిలిపోయిన గూడు నుంచి ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఊరడం మొదలవుతుంది. గర్భం నిలిచేలా గర్భసంచి పొరను సిద్ధం చేయడం దాని ప్రధానమైన పని. అయితే అది రక్తంలో కలిసి మెదడుకీ చేరుతుంది, శ్వాస కేంద్రాలని పురిగొల్పుతుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ కాస్త పెరిగినా మెదడు "ఇంకా గాలి పీల్చు" అని తొందరపెడుతుంది. పాదరసం కొలతలో మామూలుగా 40 మిల్లీమీటర్ల దగ్గర ఉండే కార్బన్ డయాక్సైడ్ పీడనం ఆ రోజుల్లో రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఒంటి వేడి కూడా అర డిగ్రీ లోపు పెరుగుతుంది. డేట్ వచ్చే సమయానికి హార్మోన్ పడిపోతుంది, ఈ మార్పులన్నీ వెనక్కి వెళ్లిపోతాయి.

ఇదే సంగతి గర్భిణుల్లో ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వాళ్లలో ఆ పీడనం 30 దగ్గరికి దిగుతుంది. మూడో నెలలో, కడుపు ఇంకా పైకి కనిపించకముందే, కొందరికి మెట్లెక్కితే ఆయాసం రావడానికి కారణం ఈ హార్మోనే.

పరుగులో ఏమవుతుంది? వేగం అదే, కండరాలు వాడుకునే ఆక్సిజన్ దాదాపు అంతే. కానీ దానికోసం పీల్చి వదిలే గాలి కొంచెం ఎక్కువ. 1981లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో, నెలసరి చక్రం రెండో సగంలో, అంటే అండం విడుదలయ్యాక, క్రీడాకారిణులూ మామూలు యువతులూ ఇద్దరూ ఎక్కువ గాలి పీల్చారు. అయితే గరిష్ఠ వ్యాయామ సామర్థ్యం తగ్గింది మామూలు యువతులకే, క్రీడాకారిణుల్లో తేడా రాలేదు. నాకు ఇందులో బాగా నచ్చిన విషయం ఇది: శిక్షణ పొందిన ఒళ్లు ఆ అదనపు ఊపిరిని మోయగలదు. ఇంకో మాట. ఊపిరితిత్తుల పరిమాణం సమానంగా ఉన్నా ఆడవాళ్ల శ్వాసనాళాలు మగవాళ్లకంటే సన్నగా ఉంటాయి కాబట్టి, గట్టిగా పరిగెత్తేటప్పుడు గాలి లాగడానికే వాళ్లకి ఎక్కువ శ్రమ పడుతుంది.

అలాగని "ఈ వారం పరిగెత్తకు" అని ఏ అమ్మాయికీ చెప్పొద్దు. 2020లో 78 అధ్యయనాలని కలిపి చూస్తే, నెలసరి మొదలైన తొలి రోజుల్లో సామర్థ్యం అతి స్వల్పంగా తగ్గినట్టు కనిపించింది, అంతే. మనిషికీ మనిషికీ తేడా మాత్రం చాలా ఉంటుంది.

నన్ను నిజంగా కలవరపెట్టేది వేరే ఉంది. ఆయాసాన్నంతా నెలసరి ఖాతాలో వేసేస్తే రక్తహీనత దాని చాటున దాక్కుంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ప్రొజెస్టిరాన్ ఊపిరిని తొందరపెడుతుందే గానీ రక్తానికి లోటు చేయదు. హిమోగ్లోబిన్ తగ్గితే మాత్రం ఎంత గాలి పీల్చినా ఆక్సిజన్‌ని కండరాలకి మోసుకెళ్లే బళ్లే చాలవు.

రెండింటినీ వేరుచేసి చూడటానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. టైమింగ్ రాసుకునే నోట్‌బుక్‌లోనే పక్కన రెండు గడులు గీయండి: డేట్ వచ్చి ఎన్నో రోజు, ఆయాసం పదికి ఎంత. మూడు నెలలు రాయండి. డేట్‌కి ముందు పది పన్నెండు రోజులు అంకె పెరిగి, తర్వాత తగ్గుతుంటే అది హార్మోన్ పని అయ్యుండొచ్చు. నెలంతా ఒకేలా ఉంటే, మెట్లెక్కినా గుండె దడదడలాడుతుంటే, బ్లీడింగ్ ఎక్కువవుతుంటే ప్రభుత్వాసుపత్రిలో హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తే ఉబ్బసం కావచ్చు. ఉబ్బసం ఉన్న కొందరికి డేట్ ముందు అది ఎక్కువవుతుంది కూడా. కఠినమైన ప్రాక్టీస్, చాలీచాలని తిండితో డేట్ రావడమే మానేస్తే అది ఫిట్‌నెస్ కాదు, ఒంట్లో శక్తి తరిగిపోతోందని అర్థం. అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లి తీరాలి.

ఈవెంట్స్ తేదీకి అడ్డొస్తుందని డేట్ వాయిదా వేసే మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. పూజలకీ పెళ్లిళ్లకీ ఇంట్లో అలవాటైనవే కదా అన్న ధీమా. ఆ మాత్రల్లో సాధారణంగా ఉండేది ప్రొజెస్టిరాన్‌లా పనిచేసే మందే. పరుగు ముందు వారంలో మొదటిసారి వేసుకుని చూసే మందు కాదది. వేసుకోక తప్పదనుకుంటే నెల ముందే డాక్టర్‌తో మాట్లాడి, ఆ మూడు నెలల నోట్‌బుక్‌ని కూడా వెంట తీసుకెళ్లి చూపించండి.