గోడలు తీసింది ఎవరు? ఓపెన్ ప్లాన్ తరగతి గది వెనక కథ

2025 జులైలో న్యూజిలాండ్ విద్యాశాఖ మంత్రి ఎరికా స్టాన్‌ఫర్డ్ ఇకపై ఓపెన్ ప్లాన్ తరగతి గదులు, అంటే మధ్యలో గోడలు లేకుండా పలు తరగతులు కలిసి కూర్చునే హాళ్లు, కట్టేది లేదని ప్రకటించారు. గోల ఎక్కువవుతోందని, పిల్లలను అదుపులో పెట్టడం కష్టమవుతోందని బడుల నుంచి వచ్చిన మాటలే ఆమె చూపిన కారణం. దాంతో యాభై ఏళ్ల నాటి వాదన మళ్లీ రేగింది. గోడలు లేకపోతే పిల్లలు కలిసి నేర్చుకుంటారని ఒక పక్షం అంటుంది. గోడలు లేకపోతే పిల్లలకు టీచరు మాటే వినపడదని మరో పక్షం అంటుంది. రెండు పక్షాల చేతిలోనూ పరిశోధనలు ఉన్నాయి.

ఒక గది, ఒక టీచరు, వరసగా బల్లలు అనే బడి 19వ శతాబ్దంలో ఎలా పుట్టిందో చాలామంది రాశారు, దాన్ని ఇక్కడ మళ్లీ చెప్పడం లేదు. నేటి గొడవకు అసలు జవాబు 1959కీ 1967కీ మధ్య ఉందని నా నమ్మకం. ఆ ఎనిమిదేళ్లలో ఒక చిన్న ఊరి బడి కోసం గీసిన ఆలోచన అక్కడి నుంచి బయలుదేరి పెద్ద పెద్ద భవనాలుగా మారింది. ఆలోచన వెళ్లింది గానీ, దాన్ని పుట్టించిన పద్ధతి వెంట వెళ్లలేదు.

ఆ ఊరు ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని ఫిన్‌మియర్. బడిలో ఉండేది సుమారు యాభై మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. దాన్ని గీసినవాళ్లు డేవిడ్ మెడ్, మేరీ మెడ్ దంపతులు. ఇద్దరూ ప్రభుత్వ విద్యాశాఖలోని ఆర్కిటెక్టులు. అంతకు ముందు హెర్ట్‌ఫర్డ్‌షైర్ కౌంటీలో పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పిల్లల సంఖ్య ఒక్కసారిగా పెరిగి, ఇటుకలకూ మేస్త్రీలకూ కరవొచ్చిన రోజుల్లో ఆ కౌంటీ ముందే తయారుచేసిన భాగాలను బిగించి పదేళ్ల లోపే వంద బడులు కట్టింది. ఆ హడావుడిలోనూ వీళ్లు ఒక అలవాటు వదల్లేదు. గీత గీయడానికి ముందు తరగతిలో కూర్చునేవాళ్లు. పిల్లలు ఎక్కడ గుమిగూడుతున్నారు, ఎక్కడ తడబడుతున్నారు, టీచరు రోజులో ఎన్నిసార్లు ఎటు తిరుగుతోంది అని చూసి రాసుకునేవాళ్లు. చేతులు కడుక్కునే తొట్టి, కోటు తగిలించుకునే కొక్కెం, కుర్చీ, బల్ల అన్నీ పిల్లల ఎత్తును కొలిచి పెట్టించినవే. మేరీ తండ్రి బడి పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ డాక్టరు. పిల్లల శరీరాన్ని కొలిచి చూడడం ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే.

ఫిన్‌మియర్‌లో టీచర్లు అప్పటికే ఒక పద్ధతిలో చదువు చెబుతున్నారు. చిన్న ఊళ్లో ఏ వయసు పిల్లలూ ఒక తరగతి నిండేంత మంది ఉండరు. అందుకని వేర్వేరు వయసుల వాళ్లను కలిపి కూర్చోబెట్టి, ఒక గుంపుకి లెక్క, ఇంకో గుంపుకి చదవడం, మరో గుంపుకి చేతిపని ఇస్తారు. ఇది ఏ సిద్ధాంతం నుంచీ పుట్టలేదు, పల్లెటూరి అవసరం నుంచి పుట్టింది. ఎడిత్ మూర్‌హౌస్ అనే ప్రాథమిక విద్యా సలహాదారు ఆక్స్‌ఫర్డ్‌షైర్ అంతటా ఇలాంటి టీచర్లకు అండగా నిలిచారు. మెడ్ దంపతులు ఆ పనినే చూసి, దానికి సరిపోయే చోట్లు గీశారు. చదువుకోవడానికి ఒక మూల, వంట చేసి చూడడానికి ఒక చోటు, పనిముట్లతో ఏదైనా తయారుచేయడానికి మరో చోటు పెట్టారు. మధ్యలో మడత తలుపుల్లాంటి పార్టిషన్లు ఉంటాయి. మూస్తే బడి విడివిడి గదులవుతుంది, తెరిస్తే అంతా ఒకటే. 1959లో బడి మొదలైంది.

ఈ పార్టిషన్ల సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఫిన్‌మియర్‌ను గోడల్లేని బడి అని తర్వాతి కాలంలో చాలాచోట్ల రాశారు. అది నిజం కాదు. అక్కడ అడ్డు ఉంది, ఎప్పుడు మూయాలో ఎప్పుడు తెరవాలో టీచర్ల చేతిలో ఉంది. పక్క గదిలో ఎవరున్నారో ఆ ఇద్దరు టీచర్లకూ తెలుసు. ఇద్దరూ మాట్లాడుకుంటే సరిపోయేది.

దీనికి ఖర్చు కోణం కూడా ఉంది. 1950 ప్రాంతం నుంచి బ్రిటిష్ ప్రభుత్వం ఒక్కో విద్యార్థికి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని హద్దు పెట్టింది. మెడ్ దంపతులు ఆ హద్దు లోపల పని జరిపించుకోవడానికి వరండాలు, నడవలు తగ్గించి, ఆ స్థలాన్ని పిల్లలు కూర్చునే చోట కలిపారు. పిల్లల మేలు కోసం చేసిన పని అది. కానీ కాగితం మీద చూసేవాళ్లకు అందులో పొదుపే ముందు కనిపించింది. నడవ తీసేయొచ్చు, గోడ తీసేయొచ్చు, డబ్బు మిగులుతుంది అని చదువుకోవడానికి అక్కడే వీలు దొరికింది.

1966లో లండన్‌లో ఎవెలిన్ లోవ్ స్కూల్ మొదలైంది. ఇదీ మెడ్ దంపతులకు చెందిన విభాగమే చేసింది, కానీ ఇక్కడ 320 మంది పిల్లలు. ఇంగ్లండ్ ప్రాథమిక విద్య మీద ప్రభుత్వం వేయించగా మరుసటి ఏడాది వచ్చిన ప్లౌడెన్ నివేదిక ఈ తరహా చదువును, ఈ తరహా భవనాలను మెచ్చుకుంది. ఆ తర్వాత గోడలు తీయడమే ప్రగతి అయిపోయింది. ఇదంతా ప్లౌడెన్ వల్లే జరిగిందని చెప్పేవాళ్లు చాలామంది. నాకు అది సగం నిజంగానే కనిపిస్తుంది. ఎందుకంటే నివేదిక రాకముందే అట్లాంటిక్ అవతల ఇంకో పని మొదలైంది.

1958లో ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో అమెరికాలో ఎడ్యుకేషనల్ ఫెసిలిటీస్ లాబొరేటరీస్ అనే సంస్థ పుట్టింది. బడి భవనాల మీద కొత్త ఆలోచనలకు గ్రాంట్లు ఇవ్వడం, నివేదికలు వేసి ఊరూరికీ పంపడం దాని పని. ఎజ్రా ఎరెన్‌క్రాంట్జ్ అనే ఆర్కిటెక్టు అంతకు కొన్నేళ్ల ముందు ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్‌లోని బిల్డింగ్ రీసెర్చ్ స్టేషన్‌లో ఉండి, హెర్ట్‌ఫర్డ్‌షైర్ బడులను దగ్గర నుంచి చూశాడు. 1961లో కాలిఫోర్నియాకు చెందిన 13 స్కూల్ జిల్లాలు ఒక్కటై, ఆయన చేతిలో ఒక పెద్ద పథకం పెట్టాయి. పథకం రూపకల్పనకు డబ్బు ఎడ్యుకేషనల్ ఫెసిలిటీస్ లాబొరేటరీస్ ఇచ్చింది. పైకప్పును మోసే చట్రం, దీపాలతో కూడిన సీలింగ్, ఎయిర్ కండిషనింగ్, కదిలించగల పార్టిషన్లు అనే నాలుగు భాగాలను ఒకదానితో ఒకటి అతికేలా కంపెనీలతో తయారు చేయించారు. మధ్యలో స్తంభాలు లేకుండా విశాలమైన హాలు, కింద కార్పెట్, పైన చల్లటి గాలి. ఇంజనీరింగ్ పరంగా అది గొప్ప పని, ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

హెర్ట్‌ఫర్డ్‌షైర్ నుంచి కాలిఫోర్నియాకు వెళ్లింది ఏమిటి? బిగించే భాగాల పద్ధతి వెళ్లింది. తరగతిలో కూర్చుని చూసే పద్ధతి వెళ్లలేదు. టీచర్లు ఏం చేస్తున్నారో చూసి దానికి చోటు గీయడం ఫిన్‌మియర్ పద్ధతి. ముందు ఏ పద్ధతికైనా సరిపోయే ఖాళీ హాలు కట్టేసి, తర్వాత టీచర్లు అందులో ఇమిడిపోతారని అనుకోవడం కొత్త పద్ధతి. 1965లో అదే సంస్థ గోడల్లేని బడుల మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే వేసింది. అవి ఎలా కనిపిస్తాయో, ఎంత సులువుగా మార్చుకోవచ్చో చెప్పిన ఆ రోజుల రాతల్లో, వెనక వరసలో కూర్చున్న పిల్లాడికి టీచరు మాట ఎంత వినిపిస్తుందన్న ప్రశ్నకు దక్కిన చోటు చాలా తక్కువ. దాన్ని అడగాల్సింది ఆ రోజునే.

అడగకపోవడంతో ఏమైందో తెలుసుకోవాలంటే ముందుకు దూకి 2010 దగ్గరకు రావాలి. ఆ ఏడాది బ్రిటన్‌లో బ్రిడ్జెట్ షీల్డ్, ఎమ్మా గ్రీన్‌ల్యాండ్, జూలీ డాక్రెల్ కలిసి ప్రాథమిక బడుల్లో ఓపెన్ ప్లాన్ గోల గురించి వచ్చిన పరిశోధనలన్నీ ఒకచోట పెట్టి చూశారు. పక్క తరగతి మాటల గోలే అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతోందని తేలింది. ఫ్యాన్ చప్పుడునో వాహనాల రొదనో చెవి కొంతసేపటికి పక్కన పెట్టేస్తుంది. అర్థమయ్యే మాటను పక్కన పెట్టలేదు. మాట వినపడితే మనసు అటే లాగుతుంది.

పెద్దవాళ్లకు ఈ బాధ వెంటనే అర్థం కాదు. ఒక వాక్యంలో రెండు మాటలు వినపడకపోయినా మనం మిగతా మాటల నుంచి అందుకుంటాం, ఎందుకంటే ఆ భాష మనకు ముందే వచ్చు. ఆరేళ్ల పిల్లకు ఆ నిల్వ లేదు. తను ఆ మాటను మొదటిసారి నేర్చుకుంటున్నదే ఆ క్షణంలో. అందుకే పిల్లల గదిలో టీచరు గొంతు చుట్టుపక్కల చప్పుడు కన్నా కనీసం 15 డెసిబెల్స్ ఎక్కువ వినపడాలని వినికిడి నిపుణులు చెబుతారు. జలుబు చేసి చెవిలో నీరు చేరిన పిల్లలు, వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్లలు, ఇంట్లో ఒక భాష మాట్లాడి బడిలో మరో భాషలో చదివే పిల్లలు ఇంకా ఎక్కువ నష్టపోతారు. ఆస్ట్రేలియాలో కిరి మీలింగ్స్ బృందం 25 మంది ఉన్న మూసిన గది నుంచి 205 మంది కలిసి కూర్చునే చోటు వరకు నాలుగు రకాల తరగతులను కొలిచింది. పెద్ద ఓపెన్ ప్లాన్‌లో పక్క తరగతుల నుంచి వచ్చే గోల భరించదగ్గ హద్దు దాటింది. టీచర్లు గొంతు చించుకోవాల్సి వస్తోందన్న మాట ఇలాంటి చోట్ల ఎప్పుడు అడిగినా వినిపిస్తుంది.

ఇప్పుడు 1970ల దగ్గరకు వెనక్కి వెళ్తే, అప్పటి టీచర్లు చేసిన పని మొండితనంలా కనిపించదు. అమెరికాలో, బ్రిటన్‌లో ఆ కొత్త హాళ్లలో వాళ్లు బీరువాలు, పుస్తకాల అరలు, నల్లబల్లలు అడ్డం పెట్టుకున్నారు. పాత అలవాటు వదల్లేక అలా చేశారని పైవాళ్లు అనుకున్నారు. ఇవాళ డెసిబెల్ మీటరు చెబుతున్న విషయమే వాళ్ల చెవులు అప్పుడే చెప్పాయి. 1973లో చమురు ధరలు పెరిగాక ఇంకో దెబ్బ పడింది. మధ్య భాగానికి కిటికీ వెలుతురు అందని లోతైన హాళ్లవి, పొద్దంతా దీపాలు, ఏసీ నడవాలి. కరెంటు బిల్లు చూసి చాలాచోట్ల మనసు మార్చుకున్నారు. 1980లో నెవిల్ బెనెట్ బృందం బ్రిటన్ ఓపెన్ ప్లాన్ బడుల మీద తన పరిశోధన వెలువరించే నాటికి గోడలు తిరిగి వస్తున్నాయి. ఒకే ప్లాన్‌తో కట్టిన రెండు బడుల్లో రెండు వేరు వేరు తీరుల చదువు సాగుతుండడం ఆ పరిశోధకులు చూశారు. భవనం ఒక్కటే చదువును మార్చలేదు.

ఓపెన్ ప్లాన్ వైపువాళ్లు ఇదే మాటను తమకు అండగా వాడతారు. విద్యా పరిశోధకుడు జాన్ హాటీ 2009లో వందల పరిశోధనల లెక్కలు కూడి చూస్తే, ఓపెన్ తరగతికీ మామూలు తరగతికీ మధ్య తేడా ఎఫెక్ట్ సైజ్ అనే కొలతలో 0.01 వచ్చింది, అంటే దాదాపు సున్నా. కాబట్టి నష్టం లేదు కదా అంటారు. టీచర్లు జట్టుగా బాగా పనిచేసే చోట ఫలితాలు బాగున్నాయని కూడా అంటారు. అలాంటి చోట్లు ఉన్నాయి, కాదనను. కానీ సగటు సున్నా అంటే ప్రతి పిల్లకూ సున్నా అని కాదు. వినపడని పిల్ల ఆ సగటులో కనిపించదు. పైగా 2015లో శాల్ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పీటర్ బారెట్ బృందం 27 బడుల్లో 153 తరగతి గదులను, 3,766 మంది పిల్లలను చూసి, ఒక ఏడాది చదువులో కనిపించే తేడాల్లో 16 శాతం గది లక్షణాలతో ముడిపడి ఉందని చెప్పింది. వాళ్లు లెక్కలోకి తీసుకున్నవి వెలుతురు, గాలి, వేడి, రంగు, పిల్లలు ఇది మా గది అనుకోగలగడం వంటివి. గోడ ఉందా లేదా అనే ఒక్క ప్రశ్న కన్నా ఇవే పనికొచ్చే ప్రశ్నలు.

ఇంత తెలిసీ మళ్లీ ఎలా మొదలైంది? 2010 సెప్టెంబర్‌లో, 2011 ఫిబ్రవరిలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరాన్ని భూకంపాలు కుదిపేశాయి. రెండో దానిలో 185 మంది చనిపోయారు. బడులెన్నో దెబ్బతిన్నాయి. 2011లోనే ఆ దేశ విద్యాశాఖ తన బడి భవనాల కోసం పదేళ్ల వ్యూహం తెచ్చింది. ఓపెన్ ప్లాన్ తరహా గదులకు పెట్టిన ఆధునిక అభ్యసన వాతావరణం అనే మాట దానితో పాటు బడుల్లోకి వచ్చింది. ఒకవైపు ఊరు తనవాళ్లను పోగొట్టుకున్న దుఃఖంలో ఉంది. మరోవైపు 2012 సెప్టెంబర్‌లో ఏ బడులు మూస్తారో, ఏవి కలుపుతారో జాబితా వచ్చింది. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. బడి ఉంటుందా పోతుందా అని పోరాడుతున్న మనిషికి, కొత్త బడిలో గోడ ఉంటుందా అని అడిగే తీరిక ఎక్కడిది? ఆ నిర్మాణాల్లో ఓపెన్ ప్లాన్ పాతుకుపోవడాన్ని ఊరి సమ్మతిగా చూపించేవాళ్లతో నేను ఏకీభవించలేను. 1960ల్లో జరిగినట్టే ఇక్కడా భవనం ముందు వచ్చింది, టీచర్ల సిద్ధపాటు తర్వాత వచ్చింది. కొన్ని బడులు కొద్ది ఏళ్లకే లోపల మళ్లీ అడ్డుగోడలు పెట్టించుకున్నాయి.

ఇక ఇప్పటి నిర్ణయం. కొత్త బడులకు ఒకే తరహా ప్రామాణిక డిజైన్లు వాడతారు. గదుల మధ్య జరిపే గాజు తలుపులు ఉంటాయి, కావాలంటే తెరుచుకోవచ్చు. 1959లో ఫిన్‌మియర్‌లో ఉన్నది దాదాపు ఇదే. తేడా ఏమిటంటే అక్కడ ఆ ఇద్దరు టీచర్ల పనిని ముందు చూసి గీశారు. ఇక్కడ డిజైన్ పైనుంచే వస్తోంది.

ఇప్పటికే కట్టేసిన హాళ్ల ప్రశ్న వేరే ఉంది. ప్రకటన ప్రధానంగా ఇకపై కట్టే వాటి గురించే. పాత భవనంలో గోడ పెట్టడమంటే గాలి పోయే దారులు, దీపాలు, అగ్నిప్రమాదంలో బయటపడే తలుపులు అన్నీ మళ్లీ చూసుకోవాలి, అది ఖర్చుతో కూడిన పని. ఆ లోపు వినే పాఠాలు రెండు తరగతులకూ ఒకే సమయంలో పెట్టుకోవడం, గుంపుల మధ్య దూరం పెంచడం, పైకప్పుకు చప్పుడు పీల్చే పలకలు బిగించడం వంటివి బడులే చేసుకోవాలి. షీల్డ్ బృందం 2010లోనే ఇలాంటి సూచనలు రాసి పెట్టింది. వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్ల ఈ వారం కూడా ఆ హాల్లోనే కూర్చుంటుంది.